నూట నలభై కిలోల లోపు

ఆ ఆదివారం దుర్గేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బండి తీసుకుని మెకానిక్ రమణ షెడ్డుకు వెళ్ళడం, వెనక షాకబ్జార్బర్ల సంగతి తేల్చుకోవడం, పెసరట్టు చల్లారేలోగా ఇంటికి వచ్చెయ్యడం. ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి కాబట్టి ప్రతి పనికీ ముందే లెక్క వేసుకునే అలవాటు అతనికుంది. ఆ లెక్కలో అత్తగారు ఎక్కడా లేరు.

బండి తాతగారిది. 1971 నాటి బుల్లెట్. కొల్లేటి లంకల్లో పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన దాని మీదే తిరిగారు. పోయే ముందు మనవడి చేతిలో తాళం పెట్టి, "దీన్ని కొయ్యకు, అతకకు" అని ఒక్క మాట అన్నారు. ఆస్తి విషయంలో కూడా ఆయన అంత స్పష్టంగా ఏమీ చెప్పలేదు.

దుర్గేష్‌కు పెళ్ళై పదకొండు వారాలైంది. కిందటి ఆదివారం భార్య ఇందుజను వెనక ఎక్కించుకుని, ఆటపాకలో గూడబాతుల్ని చూపిస్తానని బయల్దేరాడు. చేపల లారీలు తిరిగి తిరిగి గోతులు పడ్డ రోడ్డు. ప్రతి గోతికీ బండి వెనక భాగం 'ఢక్' మని కూలబడేది. ప్రతి ఢక్కుకీ ఇందుజ నవ్వేది. పైగా లెక్కపెట్టింది. "ముప్ఫై ఏడండీ!" అని కైకలూరు ఇంకా రాకముందే ప్రకటించింది. ముప్ఫై ఎనిమిదో దానికి టిఫిన్ క్యారియర్ మూత ఊడి, అల్లప్పచ్చడి చీర మీద పడింది. దానికీ నవ్వింది. పక్షుల్ని చూడకుండానే ఇద్దరూ ఇంటికొచ్చారు. మర్నాడు మాత్రం ఎవరూ చూడట్లేదనుకుని నడుం వెనక దిండు పెట్టుకుని కాఫీ తాగింది. అది దుర్గేష్ చూశాడు.

రమణ బండి వెనక గొంతుక్కూర్చుని షాకబ్జార్బర్ మీద వేలు రాసి, ఆ వేలు వాసన చూశాడు.

"నూనె కారిపోతోందండీ. రెండు దారులున్నాయి. ఇప్పటి బళ్ళకొచ్చే గ్యాస్ షాకులు వేశామనుకోండి, అమ్మగారికి పల్లకీలో కూర్చున్నట్టుంటుంది. కాపోతే అవి దీనికి పట్టవు. ఇదిగో, ఇక్కడ ఛాసిస్ కోసి పట్టీలు వెల్డింగ్ చెయ్యాలి."

"కొయ్యాలా?"

"కొయ్యాలండీ. లేదంటే పాతవే విప్పి, సీళ్ళు మార్చి, నూనె పోసి బిగించేస్తాను. కానీ స్ప్రింగు ముసలిదండీ. ఇద్దరూ కలిపి నూట నలభై కిలోల లోపుంటేనే మోస్తుంది. దాటితే మళ్ళీ ఢక్కే. మీరెంతుంటారు?"

"డెబ్భై రెండు," అన్నాడు దుర్గేష్ తడుముకోకుండా. పెళ్ళి సంబంధాలకు పంపిన బయోడేటాలో అదే ఉంది.

"మరి అమ్మగారండీ?"

దుర్గేష్ జేబురుమాలు తీసి హ్యాండిల్ మీద లేని దుమ్ము తుడిచాడు.

"కనుక్కుని చెప్పండి. మీరు చెప్పేదాకా కటింగ్ మిషను ముట్టుకోను," అన్నాడు రమణ దయగా.

పదకొండు వారాల భార్యను నీ బరువెంత అని అడగడం ఎలా? స్ప్రింగు కోసమని చెబితే మరీ ఘోరం. ఇంటికి వెళ్ళగానే దుర్గేష్ ప్రయోగానికి దిగాడు. పెసరట్టు తిప్పుతున్న ఇందుజను వెనక నుంచి అమాంతం ఎత్తాడు.

"ఏవండీ! అట్టు మాడిపోద్దండీ! ఏంటివాళ ఇంత హుషారు?" అంటూ ఆమె అట్లకాడతో సహా గాల్లో నవ్వింది.

ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు రెండింటికన్నా ఎక్కువ, మూడింటికన్నా తక్కువ అని తేలింది. ఇరవై ఐదు కిలోల తేడాను ఏ ఫిజిక్స్ లెక్చరరూ ఒప్పుకోడు. అందుకని దుర్గేష్ పెరట్లోకి వెళ్ళి తాడేపల్లిగూడెం ఫోన్ చేశాడు. తప్పంతా అక్కడే జరిగింది.

అతని అత్తగారు బాలాత్రిపురసుందరి ఫోను ఎత్తింది.

"అత్తయ్యగారూ, మీకు తెలిసే ఉంటుందని అడుగుతున్నానండీ. ఇందు బరువెంతుంటుంది?"

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత గద్గదమైన గొంతు.

"అర్థమైంది బాబూ. మీరింకేం చెప్పద్దు. మొక్కు సంగతి బయటికి అనకూడదు."

"మొక్కు కాదండీ, అదేంటంటే..."

"మీ మంచితనం మాకు తెలీదాండీ! పెళ్ళైన ఆడపిల్ల బరువు ఎవరడుగుతారు? అయితే డాక్టరు, కాకపోతే తులాభారం మొక్కుకున్నవాళ్ళు. వచ్చే శనివారం మంచిరోజు. ద్వారకా తిరుమల వెళ్దాం. బెల్లం మేం తెస్తాం. మీరు కాదంటే నామీద ఒట్టే!"

దుర్గేష్ పెరట్లోంచి ఇంట్లోకి వచ్చేసరికి ఆ కబురు అతనికన్నా ముందే హాల్లోకి చేరింది. తల్లి మంగతాయారు చెవి దగ్గర ఫోను దించి కొడుకును ఎగాదిగా చూసింది.

"ఏరా, ఊరికే ఎవరూ తులాభారం మొక్కుకోరు. అమ్మాయికేమైంది? ఆ బండి మీంచి పడిందా?"

"లేదమ్మా!"

"మొన్న దిండు పెట్టుకుని కూర్చుంది. నేను చూళ్ళేదనుకున్నావా? ఆ బండి ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మండవల్లి చేపల చెరువులాయన వరండాలో పెట్టుకుంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఇవాళే తీసుకెళ్ళమంటాను."

ఆమె నిజంగానే నంబరు వెతకసాగింది. మొక్కు లేదంటే బరువెందుకు అడిగాడో చెప్పాలి. ఉందంటే తాతగారి బండి మండవల్లి పోతుంది. దుర్గేష్ నోటికొచ్చిన మాట అనేశాడు.

"పడినందుక్కాదమ్మా. మంచి భార్య దొరికినందుకు మొక్కుకున్నాను."

మంగతాయారు ఫోను బల్ల మీద పెట్టేసింది. వంటింటి గుమ్మంలో ఇందుజ అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. ఇంక నిజం చెప్పే దారి అన్ని వైపులా మూసుకుపోయింది.

ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరిగింది. పక్కింటి శేషారత్నం గోడ మీంచే భర్తకు వినపడేలా, "ముప్ఫై రెండేళ్ళైందండీ మా పెళ్ళై. ఈయనెప్పుడైనా నా బరువడిగారా?" అంది. ఆయనకు ఆ పూట కాఫీ రాలేదు. సోమవారం నుంచి ఆ వీధి మగవాళ్ళు దుర్గేష్ ఎదురైతే తల తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఇందుజ మాత్రం వారమంతా పూలు పెట్టుకుని, ఏదో పాట గొణుక్కుంటూ తిరిగింది. ఆమెకు ఎదురుపడ్డప్పుడల్లా దుర్గేష్ ఏదో పనున్నట్టు పెరట్లోకి నడిచేవాడు.

శనివారం పొద్దున దుర్గేష్ వాళ్ళు కొండకు చేరేసరికి మామగారు విజయ్ కుమార్ ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. ఆయనది గూడెం మార్కెట్లో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం. ఆటో రోజూ ఉల్లిపాయలు మోసేది కాబట్టి, కిలో బెల్లం అచ్చులు వంద కొత్త గుడ్డలో కట్టి తెచ్చినా, ఆ గుడ్డకు కాస్త ఉల్లి వాసన పట్టింది.

"వందెందుకండీ?" అన్నాడు దుర్గేష్.

"దేవుడి దగ్గర తక్కువైతే బాగోదండీ అల్లుడుగారూ," అన్నాడాయన.

ఇందుజ పట్టుచీర సర్దుకుని, ఉయ్యాల ఎక్కిన చిన్నపిల్లలా నవ్వుతూ తక్కెడలో కూర్చుంది. విజయ్ కుమార్ అవతలి పళ్ళెంలో మార్కెట్ అలవాటు చొప్పున పైకి లెక్కపెడుతూ అచ్చులు వేశాడు. "లాభం... రెండు... మూడు..." యాభై నాలుగో అచ్చుకు ఆమె పాదాలు నేల విడిచాయి.

దుర్గేష్ స్తంభం చాటుకు వెళ్ళి, పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. డెబ్భై రెండు, యాభై నాలుగు. మొత్తం నూట ఇరవై ఆరు. నూట నలభైకి పద్నాలుగు తక్కువ! కోత లేదు, వెల్డింగ్ లేదు. అతని మొహం వెలిగిపోయింది. చూస్తున్న ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

"ఇంకా నలభై ఆరు అచ్చులున్నాయి," అంది బాలాత్రిపురసుందరి. "కొండకు తెచ్చింది వెనక్కి తీసుకెళ్ళకూడదు. అల్లుడుగారూ, మీరూ కూర్చోండి."

"నాకెందుకండీ అత్తయ్యగారూ?"

"మంచి అల్లుడు దొరికినందుకు మేం మొక్కుకున్నామండీ. ఇప్పుడే."

దుర్గేష్ కూర్చున్నాడు. నలభై ఆరు అచ్చులూ అయిపోయాయి. తక్కెడ కదల్లేదు. కొండ కింద కొట్టు నుంచి ఇంకో ఇరవై ఆరు తెచ్చారు. డెబ్భై ఒకటి. ఇంకొక్కటి, అనుకుని దుర్గేష్ ధైర్యంగా కళ్ళు మూసుకున్నాడు. అది కూడా పడింది. అతను నేల మీదే ఉన్నాడు. విజయ్ కుమార్ మళ్ళీ కొట్టుకు పరిగెత్తాడు. డెబ్భై తొమ్మిది. ఎనభై నాలుగు. చూసేవాళ్ళు కూడా లెక్క అందుకున్నారు. ఎనభై ఎనిమిదో అచ్చుకు దుర్గేష్ నెమ్మదిగా, అయిష్టంగా పైకి లేచాడు.

"పెళ్ళినాటికి డెబ్భై రెండే," అంది బాలాత్రిపురసుందరి చుట్టూ చూసి గర్వంగా. "అంతా మా ఇంటి భోజనమే!"

నూట నలభై రెండు. పళ్ళెంలోంచి దిగకముందే దుర్గేష్ లెక్క కట్టేశాడు. దిగడానికి చెయ్యి అందించిన ఇందుజ ఆ అరచేతిని చూసింది.

"ఏంటండీ ఈ కూడికలు?"

ఇంక దాచే ఓపిక లేదు. మెట్లు దిగుతూ స్ప్రింగు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు. ఇందుజ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పది మెట్లు దిగింది. పదకొండో మెట్టు మీద ఆగింది.

"అంటే, మంచి భార్య మాట అబద్ధమాండీ?"

"మొక్కు అబద్ధం. మాట నిజం."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత మెట్ల మీద కూలబడి, పక్కటెముకలు పట్టుకుని నవ్వింది. పైనుంచి వస్తున్న భక్తులు పక్కకు తప్పుకుని వెళ్ళారు.

"నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ! పెళ్ళికి ముందు నించీ యాభై నాలుగే. ఎక్కువైంది మీరైతే బండినెందుకండీ కొయ్యడం? రెండు కిలోలేగా. మిమ్మల్నే కోద్దాం."

ఆ కోత మూడు వారాలు సాగింది. రాత్రి అన్నం పోయింది, నెయ్యి పోయింది, ఆదివారం గూడెం ప్రయాణాలు పోయాయి. రమణ పాత షాకులకే సీళ్ళు మార్చి బిగించాడు. నాలుగో ఆదివారం తెల్లవారుజామున మందుల షాపు బయటి మిషను మీద ఇద్దరి లెక్క నూట ముప్ఫై తొమ్మిదిన్నరకు వచ్చింది. ఆటపాక దాకా ఒక్క ఢక్కు లేదు. లెక్కపెట్టడానికి ఏమీ లేక ఇందుజ గూడబాతుల్ని లెక్కపెట్టింది. రెండొందల పదకొండు దగ్గర అవన్నీ ఒక్కసారి లేచిపోయేసరికి చప్పట్లు కొట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి మంగతాయారు గుమ్మంలోనే ఎదురైంది. అల్లుడు మూడు వారాలు రాత్రిళ్ళు అన్నం మానేశాడంటే అది ఇంకేదో గొప్ప మొక్కే అయ్యుంటుందని, అది ఈ ఆదివారంతో తీరిపోయి ఉంటుందని గూడెంలో తేల్చుకున్నారట. బాలాత్రిపురసుందరి డబ్బా నిండా నేతి సున్నుండలు పంపింది. సరిగ్గా రెండు కిలోలు.