మానిటర్‌కు వచ్చిన మాయరోగం

ప్లానుగారికి ఆ రోజుల్లో ఒకే ఒక్క దిగులు. ఆయన మానిటర్‌కు ఏ జబ్బూ లేదు.

ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం ఆయనది. అందుకే వీధిలో వాళ్ళంతా అసలు పేరు మరిచిపోయి ప్లానుగారూ అనే పిలుస్తారు. ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, కంప్యూటర్‌లో ఊరివాళ్ళందరికీ గోడలు లేపుతూ, తలుపులు పెడుతూ ఉంటారు. తన ఇంట్లో స్నానాలగదికి గడియ పడక చాలాకాలమైంది. దాని జోలికి మాత్రం పోరు.

ఒకనాడు దుకాణం అద్దాల వెనక ఆయన కంట ఒక కొత్త మానిటర్ పడింది. వెడల్పాటిది, రెండు చివరలా కాస్త వంపు తిరిగి ఉంది. ఎంత పెద్ద ఇల్లైనా వంటగదితో సహా, అటూ ఇటూ జరపకుండా, ఒక్కచూపులో కనబడుతుంది. ఆయన అలా నిలబడిపోయారు. భార్య ఎన్నిసార్లు బతిమాలినా ఏ దుకాణం ముందూ అంతసేపు నిలబడిన మనిషి కాదు.

కొనడానికి అడ్డం వేరే ఏమీ లేదు, ఆ భార్యే. ఆవిడ పశువుల డాక్టరు. మేడ మీద కాపురం, కింద ఆస్పత్రి. అందరికీ డాక్టరమ్మ. ఊపిరున్న దేన్నీ ఆవిడ వదిలిపెట్టదు. వంటగదిలో మిక్సీ మెడకు తెల్ల ప్లాస్టర్ ఉంటుంది. కాలు విరిగిన కుర్చీకి దూడ కాలికి కట్టినట్టే బద్దలు కట్టి ఉంటాయి. ఆ ఇంట్లో ఒక వస్తువు గడప దాటాలంటే అది చచ్చిందని ఆవిడ నోటితో చెప్పాలి.

మానిటరేమో ఉక్కుముక్కలా ఉంది. దానికి జబ్బు చేయిస్తే తప్ప పని జరగదని ప్లానుగారు తేల్చుకున్నారు.

మొదటి జబ్బు వణుకు. వెనకనున్న వైరును సగం బయటికి లాగి, బల్ల కింద అది మోకాలికి తగిలేలా సర్దుకుని కూర్చున్నారు. మోకాలు కదిపితే చాలు, తెర మీది గోడలన్నీ చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. డాక్టరమ్మను కేకేసి, పాపం దీని అవస్థ చూడమని గొంతు బరువు చేసుకుని చెప్పారు.

ఆవిడ వచ్చి నిలబడింది. మానిటర్‌ను ఒకసారి చూసింది. ప్లానుగారిని మాత్రం చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి చెయ్యి పోనిచ్చి, వైరును గట్టిగా లోపలికి నొక్కి, రెండు పక్కలా మరలు బిగించి, ఇది జలుబు లాంటిదే, భయం లేదని చెప్పి కిందికి వెళ్ళిపోయింది.

రెండో జబ్బు పచ్చకామెర్లు. మానిటర్ అంచు కింద వరసగా మీటలున్నాయి. వాటిని నొక్కితే తెర మీద ఒక పట్టిక వస్తుంది. అందులో రంగులు ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు. ప్లానుగారు ఎరుపును, నీలాన్ని పూర్తిగా తీసేశారు. తెరంతా పసుపచ్చగా, ఆకుపచ్చగా, చూసేవాళ్ళకే వికారం పుట్టేలా తయారైంది.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున్నుంచీ. రాత్రి బాగానే పడుకుంది."

"పొద్దున మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నేను దీంట్లోనే మెయిల్ చూసుకున్నాను. అప్పుడు మొహం కళకళలాడుతోందే."

మనుషులకైనా జబ్బు ఉన్నట్టుండే కదా వస్తుందని ప్లానుగారు సర్దిచెప్పారు. ఆవిడ మీట నొక్కి పట్టిక తెప్పించింది. పట్టికలో అన్నీ మొదటికి తెచ్చే మీట ఒకటుంటే అది నొక్కింది. మానిటర్‌కు మళ్ళీ రక్తం పట్టింది. మీరు దగ్గర లేనప్పుడల్లా దీనికి ఒంట్లో బాగుంటుందండీ, అని ఒక మాటనేసి వెళ్ళింది. ఆ మాట ప్లానుగారి చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగలేదు.

ఈసారి మందుకు లొంగని జబ్బు కావాలనుకున్నారు. ఉన్నట్టుండి తెర నల్లబడిపోవాలి, కాసేపటికి దానంతటదే తేరుకోవాలి. మూర్ఛ అన్నమాట. ఆ పట్టికలో ఎక్కడో నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుందని ఎవరో చెప్పారు. దాన్ని వెతకడానికి ఆయన ఎంచుకున్న రోజే సరైనది కాదు.

ఆ రోజు ఒక మేడకు స్లాబు పోస్తున్నారు. ముందు పంపిన ప్లానులో పైఅంతస్తుకు మెట్లు వేసి, ఆ మెట్లు బయటికి రావడానికి స్లాబులో ఖాళీ వదలడం ప్లానుగారు మరిచిపోయారు. దాన్ని నమ్మి పోస్తే, మెట్లెక్కినవాడు నేరుగా కప్పుకు తల గుద్దుకుంటాడు. పెద్దాయన, అంటే ప్లానుగారికి పని ఇచ్చే ఆర్కిటెక్టు, ఆ తప్పు పట్టుకుని ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానని నెమ్మదిగా చెప్పాడు. ఆయన నెమ్మదిగా చెప్పాడంటే నిజంగానే చూసుకుంటాడు. ప్లానుగారు భయపడి రాత్రికి రాత్రే దిద్దేశారు. దిద్దిన ప్లాను కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది. మేస్త్రికి పంపడమొక్కటే తరువాయి.

పంపేముందు కాస్త తీరిక దొరికింది కదా అని మీటల మీద చెయ్యి వేశారు.

ఆ మీటల మీద పేర్లుండవు. పైగా అంచు కింద ఉంటాయి, కనబడవు. ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడింది. పట్టికలోని అక్షరాలన్నీ ఒక్కసారిగా ఏదో తెలియని లిపిలోకి మారిపోయాయి. కొన్ని కొక్కేల్లా, కొన్ని నిచ్చెనల్లా ఉన్నాయి. వెనక్కి వద్దామని ఇంకోటి నొక్కారు. కంగారులో మరోటి నొక్కారు. ప్లాను మాయమైంది. నల్లటి తెర మధ్య చిన్న పెట్టె ఒకటి వచ్చి, ఆ కొక్కేల భాషలో ఏదో ముక్క చెప్పి ఆరిపోయింది. అంచున నీలంగా ఉండే దీపం నారింజరంగుకు తిరిగింది.

అవి దాని ఆఖరి మాటలేమోనని ప్లానుగారికి ఒళ్ళు జలదరించింది.

ఆపి మళ్ళీ వేశారు. పెట్టె వచ్చింది, అదే ముక్క చెప్పింది, పోయింది. దాని అర్థమేమిటో ఫోనుకు చూపిద్దామని ఫోటో తీశారు. నల్లటి గాజులో ఆయన మొహమే పడింది, అదీ నోరు తెరుచుకుని. వైరు తీసి పెట్టారు, ఊదారు, తుడిచారు. కంప్యూటర్‌ను హాల్లో టీవీకి తగిలిద్దామంటే ఆ ముసలి టీవీకి అలాంటి కన్నమే లేదు. తెర లోపలి వెలుగు పోయినా బొమ్మ లీలగా ఉంటుందని, టార్చి వేసి చూడాలని ఇంటర్నెట్‌లో చదివి టార్చి వేశారు. తెర మీది దుమ్ము స్పష్టంగా కనబడింది.

అంతలో మేస్త్రి ఫోన్ చేశాడు. కాంక్రీటు లారీ బయల్దేరిందట. కొత్త కాగితం ఇంకా రాలేదు, చేతిలో ఉన్న పాత కాగితం ప్రకారం కానివ్వమంటారా అని అడిగాడు. వద్దు, మెట్ల దగ్గర ఖాళీ వదలాలని ప్లానుగారు అరిచారు. అయితే ఖాళీ కొలతలు నోటితో చెప్పండి, రాసుకుంటానన్నాడు. ఆ కొలతలు గుర్తుంటే ఆయన ప్లానుగారు ఎందుకవుతారు. ఒక్క నిమిషం ఆగమని బతిమాలారు.

"నేను ఆగుతాను సార్. లారీలో ఉన్నది ఆగదు, గట్టిపడుతుంది."

ఉద్యోగం కళ్ళముందే గట్టిపడిపోతున్నట్టు అనిపించింది ప్లానుగారికి. ఇక పరువూ లేదు, పంతమూ లేదు. మానిటర్‌ను తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకుని, మెట్లు దిగి ఆస్పత్రిలోకి వెళ్ళారు.

ఆస్పత్రి కిటకిటలాడుతోంది. భార్య గది తలుపు తోయబోతుంటే లోపలినుంచే, ఎవరైనా సరే వరసలో రావాలన్న ఆవిడ గొంతు వినబడింది. బల్ల మీద ఖాళీ ఒక్కటే ఉంది. ఒకపక్క బొచ్చుకుక్కను ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ. ఇంకోపక్క పంజరంలో చిలుకను పట్టుకున్న ఆయన. మధ్యలో ప్లానుగారు కూలబడ్డారు.

పెద్దావిడ తువ్వాలు వంక జాలిగా చూసి, ఏమైంది బాబూ, కదలడం లేదేమిటని అడిగింది. కళ్ళు మూసేసిందండీ అన్నారు ప్లానుగారు. వయసెంత అని అడిగింది. చిన్నదేనండీ, మొన్నటిదాకా ఏ జబ్బూ ఎరగదని చెబుతూ ఆయన తువ్వాలును ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నారు. ఆవిడ తువ్వాలు పక్కకు జరిపి, పలకలా ఉన్న ఆ ప్రాణిని చూసి, ఇది ఏ జాతని మాత్రం అడగలేదు. నా కుక్కకు వట్టి గోళ్ళు తీయించడమే, ముందు మీరు వెళ్ళండని తన వంతు ఇచ్చేసింది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుని, స్టీలు బల్ల చూపించి, పడుకోబెట్టమంది. ప్లానుగారు పడుకోబెట్టారు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. దానంతటదే పడిపోయింది."

"దానంతటదే ఏదీ పడిపోదండీ. ఏం పెట్టారు దీనికి?"

"ఏమీ పెట్టలేదు."

"సరే, తర్వాతివాళ్ళను రమ్మనండి," అంది డాక్టరమ్మ.

జేబులో ఫోన్ మోగింది. మేస్త్రి. ప్లానుగారు ఇక నిలవలేకపోయారు. దుకాణం అద్దాల దగ్గర మొదలుపెట్టి, వైరు, మోకాలు, పచ్చకామెర్లు, తలపెట్టిన మూర్ఛ, కొక్కేల భాష, స్లాబు, లారీ, పెద్దాయన అన్న మాట దాకా ఒక్క ఊపిరిలో కక్కేశారు. తలుపు తెరిచే ఉంది. బయట పెద్దావిడ, చిలుక ఆయన, చిలుక కూడా చెవులు రిక్కించి విన్నారు.

"నీకు ముందే తెలుసా?" అని చివర్న నీరసంగా అడిగారు.

"నా రోగులెవరూ నోరు విప్పి చెప్పరు. అందుకని ముందు తీసుకొచ్చినవాళ్ళను చూస్తాను. మొదటిరోజు వణుకు మానిటర్‌కు రాకముందు మీ మోకాలికి వచ్చింది."

అని, మానిటర్‌ను నిలబెట్టి కరెంటు ఇచ్చింది. పెట్టె వచ్చి ఆ ముక్కే చెప్పింది. వెలుగుంది, పలుకుతోంది, అంటే బతికే ఉందంది ఆవిడ. అదేం పలుకుతోందో ఒక్క అక్షరం తెలియడం లేదే అని ప్లానుగారు వాపోయారు.

"ఇక్కడికొచ్చే ఎవరి భాష నాకు తెలుసని?" అంది డాక్టరమ్మ.

ఆవిడ అక్షరాల జోలికే పోలేదు. మీట నొక్కి పట్టిక తెప్పించి, అందులోని బొమ్మలు చూసింది. సూర్యుడి బొమ్మ వెలుగుకు, మూడు చుక్కలు రంగులకు, వైరు బొమ్మ లోపలికొచ్చే దారికి. మానిటర్‌ను వెనక్కి తిప్పి చూస్తే వైర్లు పెట్టే కన్నాలు రెండున్నాయి. మీరు వైరు పెట్టేది ఏ కన్నంలో అని అడిగింది. ప్లానుగారు చూపించారు. ఇదేమో మీ చేతి చలవ వల్ల రెండో చెవి ఒగ్గి కూర్చుందని చెప్పి, తన కంప్యూటర్ వైరును ఆయన చూపిన మొదటి కన్నంలో పెట్టి, వైరు బొమ్మ దగ్గర రెండు మీటలు నొక్కింది.

తెర మీద ఒక పిల్లి కాలి ఎముక ఎక్స్‌రే తెల్లగా, తళతళలాడుతూ ప్రత్యక్షమైంది.

అంత అందమైన ఎముకను ప్లానుగారు జన్మలో చూడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏం మానిటర్, ఏం వెలుగు, దీన్ని మించింది లోకంలో లేదు, దీంతోనే మన తరమంతా గడిచిపోతుందని తలుపు దగ్గరున్న వాళ్ళందరికీ వినబడేలా అన్నారు. అంతటితో ఆగకుండా, కావాలంటే రాసిస్తానన్నారు. డాక్టరమ్మ వైరు తీసి, మానిటర్‌ను ఆయన చేతుల్లో పెట్టింది.

మెట్లు ఎలా ఎక్కారో ఆయనకే తెలియదు. తగిలించారు, ప్లాను కనబడింది, పంపారు. కాసేపటికి మేస్త్రి ఫోన్ చేసి, అందింది సార్, లారీ ఇప్పుడే గేటు దగ్గరకొచ్చింది, మెట్ల చుట్టూ చెక్కలు బిగిస్తున్నామని చెప్పాడు. ప్లానుగారు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలారు. ఉద్యోగం దక్కింది. ఎవరి తలా కప్పుకు తగలదు. పెద్దాయనకు అసలు ఏమీ తెలియదు. ఒంటిమీది బరువంతా దిగిపోయినంత హాయిగా ఉంది. పట్టిక ఇంకా కొక్కేల భాషలోనే ఉంది. దాన్ని బాగుచేసే ధైర్యం ఆయనకు లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రి మూసి డాక్టరమ్మ పైకి వచ్చేసరికి ప్లానుగారు స్వయంగా కాఫీ కలిపి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ కాఫీ తాగుతూ, మొహంలో నవ్వు కనబడనీయకుండా, ఇంతకీ ఆ వంపు మానిటర్ ఎప్పుడు కొందామని అడిగింది. ఆయన గాభరాగా తల అడ్డంగా ఊపారు.

"కొత్తదెందుకు? ఇది రాయిలా ఉంది. అందరి ముందూ నేనే చెప్పాను కదా."

"చెప్పారు. పెద్దావిడ కూడా అదే అంది, మీ ఆయనకు ఆ ప్రాణి అంటే ఎంత ప్రేమో అని. అయితే వైద్యం ఇంకా పూర్తి కాలేదు."

ఆవిడ సంచిలోంచి తెల్ల ప్లాస్టర్ తీసి, అంచు కిందనున్న మీటల మీదుగా బిగించి అంటించింది. తర్వాత పెద్ద గరాటులాంటి ప్లాస్టిక్ చుట్టు ఒకటి బయటికి తీసింది. కుట్లు వేసిన కుక్కలు వాటిని నాకి పాడుచేసుకోకుండా మెడ చుట్టూ తొడుగుతారే, అది. ప్లానుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మానిటర్ వంక చూశారు. దీనికి మెడ ఎక్కడుంది, ఎలా తొడగాలని అమాయకంగా అడిగారు.

"దాన్ని పుండుకు తొడగరండీ," అంది డాక్టరమ్మ. "ఊరికే ఉండలేక నాకేవాళ్ళకు తొడుగుతారు."

ప్లానుగారు ఆ చుట్టును ఆవిడ చేతికి తిరిగి ఇచ్చారు. తర్వాత, కొలత సరిపోతుందో లేదో చూడమని బుద్ధిగా మెడ వంచారు.