మేస్త్రి చేయని కుర్చీ

పౌర సంఘం అధ్యక్షులవారు తమకు తామే ఏర్పాటు చేయించుకున్న సన్మాన సభలో ‘మన కాళ్ల మీద మనం నిలబడదాం’ అనే అంశంపై గంటంబావు ప్రసంగించి, చప్పట్ల మధ్య కూర్చోబోయి, కుర్చీతో సహా వేదిక మీద వెల్లకిలా పడ్డారు. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని సభికులు మరో విడత చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారికి ఎక్కడా దెబ్బ తగల్లేదు. వచ్చిన చిక్కల్లా అదే. ఏ మోకాలికో తగిలి ఉంటే కట్టు కట్టించుకుని ఊరుకునేవారు. తగిలింది పరువుకి. దానికి కట్టు కట్టే చోటు కోర్టు ఒక్కటే కనక, మూడో వారానికల్లా ఆ కుర్చీ చేసిన వడ్రంగి మేస్త్రి మీద సివిలు దావా పడింది.

దావాలో కోరికలు మూడు. అచ్చం అలాంటి కుర్చీయే మరొకటి మేస్త్రి చేసివ్వాలి. నిండు సభలో నిలబడి క్షమాపణ చెప్పాలి. మూడోది అసలైంది: ఇక జన్మలో అతను తనను తాను వడ్రంగి అని చెప్పుకోకూడదు, కొట్టు మీద బోర్డు పెట్టకూడదు.

మొదటి రెండూ విని మేస్త్రి ఊరుకున్నాడు. మూడోది వినగానే చేతిలోని ఉలి కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా అతనికి తెలిసిన పని అదొక్కటే. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. మేకు లేకుండా కర్రని కర్రతోనే బిగించడం ఆ ఇంటి పద్ధతి. ఎవరైనా మేకు ఊసెత్తితే మేస్త్రి, "మేకు కొట్టేవాడు పెట్టెలు చేసుకోవాలి, కుర్చీలు కాదు" అనేవాడు. కుర్చీ పూర్తయ్యాక దాన్ని తిరగేసి, ఎవరికీ కనపడని చోట చిన్న పిట్ట బొమ్మ చెక్కేవాడు. చేసినవాడి గుర్తు కనపడకూడదు గానీ ఉండాలి అని తండ్రి మాట. ఊళ్లో సగం మంది ఆ పిట్ట మీద కూర్చునే పెద్దవాళ్లయ్యారు, ఆ సంగతి తెలియకుండానే.

సమన్లు పట్టుకుని కోర్టు జవాను వచ్చినప్పుడు బావమరిది కొట్లోనే ఉన్నాడు. అతనికి చట్టం బాగా తెలుసు. అంటే, కోర్టు ఎదురుగా ఉన్న టీకొట్లో రోజూ రెండు గంటలు కూర్చుంటాడు. "తీసుకోకు బావా. తీసుకుంటేనే కేసు, తీసుకోకపోతే లేదు" అన్నాడు. మేస్త్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. జవాను ఏమాత్రం నొచ్చుకోకుండా కాగితాన్ని తలుపుకి అంటించి, మేస్త్రి దగ్గరున్న బంకే అడిగి తీసుకుని మరీ అంటించి, వెళ్తూ వెళ్తూ తన ఇంట్లో మంచం కోడు కిర్రుమంటోందని చెప్పిపోయాడు.

ముప్పై రోజుల్లోగా జవాబు దాఖలు చేయకపోతే వాది చెప్పిందే నిజమైపోతుందని ఆ కాగితంలో ఉంది. సంసారాల్లో ఈ గడువు ముప్పై సెకన్లు. ఆ లెక్కన కోర్టువారిది ఎంతో దొడ్డ మనసని ఒప్పుకోవాలి.

మేస్త్రి ఆ రోజే జవాబు రాసేశాడు. కొలతలు రాసుకునే కాగితం వెనక, చెవి మీద పెట్టుకునే పెన్సిలుతో మూడు ముక్కలు రాశాడు: ‘కుర్చీ నేనే చేశాను. బాగానే చేశాను. ఎందుకు విరిగిందో చూస్తే చెప్తాను.’ అది పట్టుకుని బావమరిదితో ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాడు.

ప్లీడరు గారి ఖ్యాతి గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది. నలభై ఏళ్ల వృత్తిలో ఆయన దేన్నీ ఒప్పుకున్న పాపాన పోలేదు. కూతురి పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు "అమ్మాయి మీ పెద్దమ్మాయేనాండీ?" అని అడిగితే, "రుజువు చేసుకోవాల్సిన భారం మీది" అన్నారట. అంతటివారు మేస్త్రి కాగితం చదివి, కళ్లజోడు తీసి, అనారోగ్యంగా ఉన్నవాడిని చూసినట్టు చూశారు.

"దీంట్లో మూడు ముక్కలున్నాయి, మూడూ నిజాలే. నిజం చెప్పుకోవడానికి ప్లీడరు ఎందుకయ్యా?" అన్నారు.

విరిగిన కుర్చీని ఒక్కసారి చూడనివ్వమని మేస్త్రి బతిమాలాడు. తన చేతి పని ఎందుకు విరిగిందో తెలియక అన్నం సయించడం లేదన్నాడు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అది అప్పటికే సాక్ష్యంగా కోర్టు గదిలో గోనెపట్టాలో కట్టి, సీలు వేసి ఉంది. అర్జీ పెడితే చూపిస్తారు. ప్లీడరు గారు ససేమిరా అన్నారు. కుర్చీ చేయనివాడికి కుర్చీ చూడాలనే కోరిక ఎందుకు పుడుతుందని అవతలివాళ్లు అడిగితే ఏం చెప్తావన్నారు. తాను కుర్చీ చేయని సంగతి మేస్త్రికి తెలిసింది అప్పుడే.

ఇరవై తొమ్మిదో రోజున జవాబు దాఖలైంది. ఇరవై ఒక్క పేజీలు. దావాలోని ప్రతి పేరానీ పేరుపేరునా ఖండించడం ప్లీడరు గారి పద్ధతి. ప్రతివాది వడ్రంగి అన్నది అబద్ధం. అతనికి కొట్టు ఉందన్నది కల్పితం. కర్ర అనే పదార్థంతో అతనికి పరిచయమున్నట్టు వాది రుజువు చేసుకోవాలి. విరిగినట్టు చెబుతున్న వస్తువు కుర్చీ అన్నది వివాదాస్పదం. దాని అడుగున ఉన్నట్టు చెబుతున్న పిట్ట బొమ్మ పురుగు తొలిచిన గుర్తు. ‘ఈ కుర్చీ మీద ఇద్దరు కూర్చున్నా చలించదని ప్రతివాది భార్య అన్నది’ అని దావా ఏడో పేరాలో ఉంది. ప్రతివాదికి భార్య ఉన్నదన్న మాటే అసత్యమని జవాబు ఏడో పేరా.

మేస్త్రి చదవకుండా సంతకం చేశాడు. ఇందులో అతణ్ణి తప్పుపట్టడానికి లేదు. చదివి సంతకం చేసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో మనకి తెలియదు.

వాది అడిగిన మూడో కోరికని ప్రతివాది తానే రాతపూర్వకంగా తీర్చేసిన సంగతి ఎవరూ గమనించలేదు. జవాబుకి తగ్గట్టు నడవడిక ఉండాలని ప్లీడరు గారు హెచ్చరించారు. బోర్డు దించి గోడవైపు తిప్పి పెట్టారు. రంపం, ఉలి, చిత్రిక దుప్పటి కింద దాచారు. మంచం కోడు పట్టుకొచ్చిన జవానుతో, "మీరెవరో పొరబడ్డారు, ఇక్కడ వడ్రంగి లేడు" అని బావమరిది చెప్పి పంపాడు. ఏ పనీ లేని మేస్త్రి కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, దారినపోయే బండి చక్రాల వంకర్లు చూసి పళ్లు కొరుక్కునేవాడు.

భార్య జవాబు నకలు చదివింది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఒక కంచం బోర్లించి, "భార్య లేనివాడికి వంట చేయడానికి నేనెవరిని? రుజువు చేసుకోండి" అని తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. తమ్ముడంటే ఆ బావమరిదే. అక్కగారి మాటలు పడలేక అతనూ వచ్చి బెంచీ మీద మేస్త్రి పక్కన చేరాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మేస్త్రి అన్నాడు. ఆ నాలుక తనది కాదని వాదించవచ్చునని బావమరిది ధైర్యం చెప్పాడు.

పదకొండు వాయిదాల తర్వాత విచారణ మొదలైంది. జడ్జి గారి కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద తేలని కేసు కాగితాల కట్ట ఒకటి పెట్టి సరిచేశారు. మేస్త్రి బోనెక్కగానే ముందు ఆ కాలినే చూశాడు. ఏమడిగినా ‘నాకు తెలియదు’ అనాలని ప్లీడరు గారు నేర్పి పెట్టారు. అతను బుద్ధిగా వృత్తి తెలియదన్నాడు, ఊరు తెలియదన్నాడు, వయసు తెలియదన్నాడు. ప్లీడరు గారు మురిసిపోయారు.

అప్పుడు గోనెపట్టా విప్పారు.

వాది తరఫు వకీలు కుర్చీని బల్ల మీద తిరగేసి పిట్ట బొమ్మని చూపించాడు. ప్లీడరు గారు లేచి, పురుగు తొలిచిందని మనవి చేశారు. ఎంత పురుగైతే మాత్రం రెక్కలకి ఈకలు తొలుస్తుందా అని జడ్జి గారు అడిగారు. అది కళాహృదయం గల పురుగని ప్లీడరు గారన్నారు. మేస్త్రి పళ్లబిగువున ఊరుకున్నాడు. చచ్చిపోయిన తండ్రి గుర్తుకొచ్చాడు గానీ, ఊరుకున్నాడు.

ఇంతలో వకీలు కుర్చీని ఇటు తిప్పాడు. విరిగిన వెనక కాలు కనపడింది. ఆ కాలు కుర్చీకి కలిసేచోట, సరిగ్గా బిగింపు మీద, అరచేయంత ఇత్తడి రేకు. దాని మీద అధ్యక్షులవారి పేరు, బిరుదులు, ఫోను నంబరు. రేకుని పట్టి ఉంచింది జానెడు మేకు. ఆ మేకు దగ్గర్నుంచి కర్ర నిలువునా చీలిపోయి ఉంది.

"నా కుర్చీకి మేకు కొట్టిందెవడ్రా?"

అరిచింది మేస్త్రే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. కానీ మేస్త్రి ఆగలేదు. బోను దిగి వచ్చి, కుర్చీ మీద చెయ్యి వేసి, కర్ర ఎలా కర్రని పట్టుకుంటుందో, మేకు దిగితే ఆ పట్టు ఎలా చీలుతుందో, ఎంత బరువు పడితే ఎటువైపు విరుగుతుందో వేలితో చూపిస్తూ చెప్పాడు. మూడు నిమిషాలు పట్టింది. పదకొండు వాయిదాల్లో ఎవరికీ అర్థం కానిది తలుపు దగ్గర కునుకుతున్న బంట్రోతుకి కూడా అర్థమైంది. అధ్యక్షులవారు సైతం లేచి, సభకి ముందురోజు తామే దగ్గరుండి కొట్టించామనీ, పేరన్నాక గట్టిగా ఉండవద్దా అనీ సగర్వంగా సెలవిచ్చారు.

నిజం ఇంత నగ్నంగా ఎదురుపడేసరికి న్యాయస్థానం కాస్త ఇబ్బంది పడింది. జడ్జి గారు కళ్లజోడు తుడుచుకుని, నిజంగానే బాధపడుతూ అన్నారు:

"నేను విన్నాను, చూశాను కూడా. కానీ మేకు సంగతి మీ జవాబులో ఎక్కడా లేదు. జవాబులో లేనిదాన్ని కోర్టు పట్టించుకోకూడదు. కుర్చీ మీదేనని ఇప్పుడు మీ నోటితో అన్నారు చూశారా, అది మాత్రం పట్టించుకోవచ్చు."

"నా మొదటి కాగితంలో ఉందండీ. చూస్తే చెప్తానని రాశాను" అన్నాడు మేస్త్రి.

అది దాఖలు కాలేదు. ప్లీడరు గారు దాని మీద టీగ్లాసు పెట్టుకున్నారు.

తీర్పు వచ్చింది. కుర్చీ ప్రతివాదిదే అని అతనే ఒప్పుకున్నందున, ముప్పై రోజుల్లో కొత్త కుర్చీ చేసివ్వాలి. వాది పడినప్పుడు సభ చప్పట్లు కొట్టి ఆనందించినందున క్షమాపణ అవసరం లేదు. ఇక వడ్రంగి అని చెప్పుకోకుండా నిషేధించే విషయం: నిషేధిస్తే కుర్చీ ఎవరు చేస్తారు? ప్రతివాది వడ్రంగి అని ఇందుమూలంగా రుజువైనది. మూడు కోరికల్లో రెంటిని కొట్టేయించానని ప్లీడరు గారు ఊరంతా చెప్పుకున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవారు, కుర్చీకి మాత్రం నాలుగుంటాయని ఎందుకు ఒప్పుకుంటారు?

మేస్త్రి ఆ తీర్పు నకలుకి తానే చెక్కఫ్రేము చేసి, బోర్డు ఉండే చోట తగిలించాడు. తనను వడ్రంగి అని సర్కారువారు రాసిచ్చిన కాగితం ఊళ్లో అతనొక్కడికే ఉంది. కేసు ఓడిన రోజున అంత హాయిగా అన్నం తిన్నవాడు మరొకడు ఉండడు. అన్నం వండింది మాత్రం అతనే. భార్య తీర్పంతా రెండుసార్లు చదివింది. ఏడో పేరా గురించి కోర్టువారు ఏమీ తేల్చలేదు. అంచేత మేస్త్రి స్వయంగా వెళ్లి, గుమ్మంలో నిలబడి, నలుగురూ వింటుండగా, "నువ్వు నా భార్యవే. ఒప్పుకుంటున్నాను" అన్నాడు. ఆవిడ కాగితం మీద రాయించుకుని మరీ వచ్చింది.

ముప్పయ్యో రోజున కొత్త కుర్చీ తయారైంది. అధ్యక్షులవారు దానికి ఇంకా పెద్ద ఇత్తడి రేకు, నాలుగు మేకులు పట్టించుకుని వచ్చారు. మేస్త్రి సుత్తి తీసి వినయంగా వారి చేతికే ఇచ్చాడు.

"తప్పకుండా కొట్టుకోండి. మేకు కొట్టింది నేనే అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు."

అధ్యక్షులవారు తమ వకీలుని సంప్రదించారు. ఏదీ ఒప్పుకోవద్దని ఆయన సలహా ఇచ్చాడు. సుత్తి తిరిగొచ్చింది, రేకు సంచీలోకి వెళ్లింది. పేరు లేని ఆ కుర్చీ ఇప్పటివరకూ విరగలేదు.

ఇదంతా చదువుతూ నవ్వుకుంటున్న పాఠకులారా, మీరు కూర్చున్న దాన్ని ఒకసారి తిరగేసి చూడండి. ఇల్లు కావచ్చు, ఉద్యోగం కావచ్చు, కాపురం కావచ్చు. అడుగున పిట్ట కనపడితే చేసినవాడికి దణ్ణం పెట్టుకోండి. మేకు కనపడితే కంగారు పడకండి. కొట్టిందెవరో మీకు తెలుసు. ఒప్పుకోవాల్సిన పనేం లేదు, ముప్పై రోజులు గడువుంది.