శివరాజ్ మైకులో మాట్లాడని రోజు

మనుమడి తొట్టెల నాడు పొద్దున్నే మహాదేవప్ప అనుకున్నది ఇంతే. పదకొండింటికల్లా రాగిణి ఆర్కెస్ట్రా మొదలు కావాలి. పన్నెండింటికి పంచాయతీ సమితి ప్రెసిడెంటు రామ్‌కిషన్ రావాలి. ఆయనకు కడుపునిండా పెట్టి, చెయ్యి కడుక్కునే వేళకు ట్రాన్స్‌ఫార్మర్ మాట ఎత్తాలి.

మొగుడంపల్లి దారిలో ఆయనకు నాలుగెకరాల అల్లం చేను ఉంది. దాని గట్టు మీద మూడేళ్ళుగా మూడు కరెంటు స్తంభాలు నిలబడి ఉన్నాయి. తీగ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. కాకులు వాలడానికి మాత్రం బాగా పనికొస్తున్నాయి. బోరు మోటారు గోనెసంచి కప్పుకొని కొట్టంలో పడి ఉంది. ఆ ఏడు, అంటే ఎనభై ఒకటిలో, భాద్రపదం వచ్చినా వాన జాడ లేదు. అల్లం ఆకు పసుపుబారుతోంది. ఇంకో పదిహేను రోజుల్లో నీళ్ళు పారకపోతే గడ్డ ఊరదు.

"తొట్టెలకు జోలపాట గావాలె గని డ్రమ్ములెందుకయ్యా? పోరడు దడుసుకుంటడు," అంది భార్య బాలమణి.

"దడుసుకోడు," అన్నాడు మహాదేవప్ప. రోజుకు ఆయన పలికే పది మాటల్లో అదొకటి.

రాగిణి ఆర్కెస్ట్రా అంటే ఆయనకు ప్రాణం. జహీరాబాద్‌లో గణపతి పందిరి దగ్గర వాళ్ళ ప్రోగ్రాం ఉందంటే ఎనిమిది మైళ్ళు నడిచి పోయేవాడు. బొంబాయి రోడ్డు పక్కన లారీ బ్యాటరీలు బాగుచేసే జబ్బార్ గిటారు పట్టుకుంటే, తీగ మీద కాదు, తన వెన్ను మీదే వేలు నడుస్తున్నట్టు ఉండేది. శివరాజ్ పగలంతా బట్టలు కుట్టేవాడు, సాయంత్రమైతే పాడేవాడు. ఆ గొంతుకు ఎద్దులు కూడా నెమరు ఆపి చెవులు నిక్కించేవి.

కాని పాట ఆగితే చాలు, ఆ నోరే ఇంకో నోరయ్యేది. రోడ్డు ఎవడు తిన్నాడు, బావి ఎవడు మింగాడు, ప్రెసిడెంటు జీపుకు పెట్రోలు ఎక్కడిది. ఇవన్నీ మైకులోనే. మహాదేవప్పకు ఒళ్ళు మండిపోయేది. పాటగాడివి పాట పాడు, నిన్నెవడు అడిగాడు? ఆ కోపంతో బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. మళ్ళీ గిటారు మోగితే లోపలికి వచ్చేవాడు. శివరాజ్ రాజకీయానికి ఒక్క ప్రోగ్రాంలో ఒక బీడీ కట్ట అయిపోయేది.

అందుకే ఆ పొద్దున ఆర్కెస్ట్రావాళ్ళు ట్రాక్టరు దిగగానే శివరాజ్‌ను గడ్డివాము చాటుకు తీసుకుపోయాడు.

"నీ పాట మంచిగుంటది," అన్నాడు.

"దండం పటేలా."

"నీ నోరు మంచిగుండదు. ఇయ్యాల పాట తప్ప మైకుల ఒక్క మాట గూడ ఇనబడొద్దు."

"పాట పాడేది గీ నోరే గద పటేలా! సగం నోరు దెచ్చుకొని సగం ఇంట్ల పెట్టి రమ్మంటె ఎట్ల?"

"అల్లం ఎండుతున్నది. నీ తల్లి మీద ఒట్టెయ్యి."

శివరాజ్ తల్లి రత్నమ్మ కూడా భోజనానికని వెంట వచ్చింది. కొడుకు వెళ్ళి ఆమె నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. సంగతి తెలిసి ఆమె నెత్తి కొట్టుకుంది.

"నీ నోటికి నా పానం గట్టినవా కొడుకా! ఇగ నేను బతికినట్టే!" అంటూ పోయి ముందు వరుసలో, మైకుకు ఎదురుగా కూర్చుంది. ఒక వేలు పైకెత్తి సిద్ధంగా పెట్టుకుంది.

పదకొండింటికి గిటారు మోగింది. తొట్టెలలో పసివాడు కళ్ళు మూసుకొని హాయిగా నిద్రపోయాడు. మొదటి పాట అయింది. జనం చప్పట్లు కొట్టి, ఇప్పుడేమంటాడో అని ముందుకు వంగారు. శివరాజ్ ఏమీ అనలేదు. పెదవులు బిగించి నిలబడ్డాడు.

"గొంతు పోయిందా ఏంది?"

"ఇప్పుడే పాడిండు గద!"

రెండో పాట తర్వాత కూడా అంతే. మూడో పాటకు మాట వంటపొయ్యి దగ్గరికి చేరింది. "ఎవలో మాట్లాడొద్దన్నరట." నాలుగో పాటకు విస్తళ్ళు కుట్టేవాళ్ళ దగ్గరికి పోయింది. "ఎవలేంది, ప్రెసిడెంటే. ఇయ్యాల వస్తుండు గద!" ఐదో పాటకు అరుగు మీది ముసలాళ్ళను చేరేసరికి దానికి కొమ్ములు మొలిచాయి.

"మళ్ల ఎమర్జెన్సీ పెట్టిన్రట."

"పొద్దుగాల రేడియో ఇన్న గద, జెప్పలే!"

"జెప్పనియ్యరు. ఎమర్జెన్సీ అంటె అదే."

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

ప్రెసిడెంట్లకు ఒక మర్యాద ఉంది. పందిట్లో కాలు పెట్టే ముందు మైకులో పేరు వినబడాలి. రామ్‌కిషన్ పందిరి మొగదల నిలబడి కండువా సవరించుకున్నాడు. పాట అయిపోయింది. మైకు పలకలేదు. ఏదో మరిచిపోయినట్టు జీపు దాకా పోయి మళ్ళీ వచ్చాడు. మైకు మళ్ళీ పలకలేదు. శివరాజ్ తన తల్లి వైపు చూశాడు. రత్నమ్మ వేలు పైకి లేచింది. పాపం, మర్యాదకని అతను మూసిన నోటితోనే రెండు చేతులూ జోడించాడు.

"సూడున్రి! నోరు మూయించి దండం బెట్టించుకుంటుండు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పందిరంతా గొల్లున నవ్వింది.

"ఏంది మహాదేవప్పా ఈ తమాషా? పిలిచి బేఇజ్జతి జేస్తవా?" అన్నాడు ప్రెసిడెంటు, ముఖం కందగడ్డ చేసుకొని.

మహాదేవప్ప మైకు దగ్గరికి ఉరికాడు. "శివరాజ్, రెండు మంచి మాటలు జెప్పు!"

శివరాజ్ అడ్డంగా తల ఊపాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

రత్నమ్మ లేచి నిలబడింది. "ఎవల పానం పటేలా గట్టు మీద పెట్టేది? గంత అగ్గువనా? మాట్లాడేది ఉంటె నువ్వే మాట్లాడు!"

"మాట్లాడున్రి పటేల్ సాబ్. జర దగ్గర పట్టుకోవాలె," అని జబ్బార్ మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

మహాదేవప్ప మైకు పట్టడం అదే మొదలు. గొంతు సవరించుకుంటేనే పందిరి మీది రెండు హారన్ స్పీకర్లూ ఊరంతటికీ చెప్పాయి.

"ప్రెసిడెంటు సాబ్ మా ఇంటికి వచ్చిన్రు. సంతోషం."

అక్కడ ఆపితే సరిపోయేది. కాని తన గొంతు అంత పెద్దగా వినడం ఆయనకు కొత్త. ఆ గొంతు చెప్పింది నిజమే అనిపించింది. మూడేళ్ళుగా రోజుకు పది మాటల చొప్పున మిగిలిపోయినవన్నీ తోసుకొచ్చాయి.

"మొదటిసారి వచ్చిన్రు. నేను వాళ్లింటికి పదిహేడు సార్లు పోయిన."

జబ్బార్ అలవాటు కొద్దీ గిటారు తీగ ఒకటి మీటాడు.

"పోయినప్పుడల్ల సాబ్ తానం జేస్తున్నడని జెప్పిన్రు. ఇయ్యాల, రేపు, ఎల్లుండి, ఎప్పుడు బోయినా తానమే. గన్ని నీళ్లు నా చేనుకు ఇడిస్తె అల్లం గడ్డ నా తలకాయంత ఊరుతుండె!"

డ్రమ్ముల మీద ఉస్మాన్ ధనాధన్ వాయించాడు. పందిరి దద్దరిల్లింది. తొట్టెలలో పసివాడు లేచి కేరుమన్నాడు. అంత ఆర్కెస్ట్రాకు లేవనివాడు తాత మాటలకు లేచాడు.

"నా ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ల బామ్మర్ది చేన్ల ఉన్నది. ఆ చేన్ల పంట లేదు. ఒక గుడిసె, దాంట్ల ఎలిగే ఒక కరెంటు బుగ్గ. ఒక్క బుగ్గకు గంత ట్రాన్స్‌ఫార్మరా? ఇది ఏం న్యాయం?" అప్పుడు ఆయనకు బాలమణి తల పట్టుకొని కూర్చోవడం కనిపించింది. గొంతు తగ్గించాడు. "బువ్వ అయింది. అందరు తిని పోవాలె."

రామ్‌కిషన్ తినలేదు. గిరుక్కున తిరిగి జీపెక్కాడు. జీపు గుర్రుమని ఊరుకుంది. జబ్బార్ గిటారు మెడలో వేసుకొనే వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"బ్యాటరీ ఖతమ్ సాబ్," అన్నాడు ఎంతో వినయంగా. "కరెంట్ లేదు."

ఊరంతా కలిసి జీపును తోసింది. అంత సంబరంగా ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ ఏదీ తోయలేదు.

ఆ సాయంత్రం బాలమణి అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. మహాదేవప్ప చేను గట్టు మీద కూర్చొని స్తంభాలు చూశాడు. తప్పంతా శివరాజ్‌దే అని తేల్చాడు. వాడు ముందు నుంచీ నోరు మూసుకొని ఉంటే, తను మూయించే పని ఉండేదే కాదు గదా!

ఎనిమిదో నాడు లారీ మీద తీగ చుట్టలతో సహా ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఎందుకు వచ్చిందో దానితో వచ్చిన లైన్‌మన్ చెప్పాడు. ఆ వారమంతా ప్రెసిడెంటు జీపు ఏ ఊళ్ళో ఆగినా, ఏ హోటల్లో చాయ్ తాగినా, ఎవడో ఒకడు మర్యాదగా లేచి, "తానమైందా సాబ్?" అని అడిగాడట.

అల్లానికి నీళ్ళు పారాయి. మొదటి తడి పెడుతున్న రోజే శివరాజ్ సైకిలు మీద వచ్చాడు. మనిషి మండిపోతున్నాడు.

"ఏడేండ్ల సంది మైకుల మొత్తుకుంటున్న. ఒక్క బుగ్గ ఎలగలే. నువ్వు నాలుగు మాటలంటె ట్రాన్స్‌ఫార్మర్ నడిచొచ్చె! ఇది ఏం ఇన్సాఫ్ పటేలా?"

"పాట మంచిగుంటది నీది," అన్నాడు మహాదేవప్ప, నీళ్ళ మడవ తిప్పుతూ.

మరుసటి నెల న్యాల్‌కల్ నుంచి ఆయన మేనబావ బస్వరాజ్, తన కొడుకు పెళ్ళికి పిలవడానికి వచ్చాడు.

"రాగిణి ఆర్కెస్ట్రానే పెట్టిన. ప్రెసిడెంటు గూడ వస్తుండు, మా ఊరి రోడ్డు పని ఉన్నది. నువ్వు ముందుగాల రావాలె బావా. గని..."

"గని?"

"మనిషివి మంచోనివే. జర నీ నోరే..."

మహాదేవప్పకు పట్టరాని కోపం వచ్చింది. "ఉన్నమాట అంటె నోరు మంచిది గాదా? మనిషి గావాలె, మాట వద్దా? సగం నన్ను పిలుస్తవా?"

ఆయన ఇంకా ఏదో అనబోతుండగా బాలమణి వంటింట్లోంచి తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మొగుని చెయ్యి పట్టి తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి."

పెళ్ళిలో శివరాజ్ పాటకూ పాటకూ నడుమ తనివితీరా మాట్లాడాడు. మహాదేవప్ప బీడీకని లేవకుండా మొదటిసారి మొత్తం కూర్చొని విన్నాడు. శివరాజ్‌కు సంగతులు తెలుసు గాని చెప్పడం రాదని తేల్చాడు.