మైథిలి కోసం ప్రార్థన

ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాసాలు మొదలైన రెండో సోమవారం సాయంత్రం, ఇరవై మంది మధ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా ఎబినేజరు కొంప మునిగింది.

ఆ ముంపుకి గండి కొట్టుకున్నదీ తనే.

ఎబినేజరు ఉద్యోగం మామిడికుదురులో గుమాస్తాగిరీ. అసలు హోదా మాత్రం రాజోలు సెంటర్లో టీ కొట్టు బల్ల మీద ఉంది. ఏ సినిమా విడుదలైనా తీర్పు అక్కడే చెబుతాడు. "ఫస్టాఫ్‌లో హీరో కథ వెనక పరిగెడతాడండి, సెకండాఫ్‌లో కథే హీరోకి దొరక్కుండా పారిపోద్దండి" అంటే, పదిమందీ టిక్కెట్ల సంగతి మర్చిపోయి ఇంకో టీ చెప్పుకుంటారు.

సీరియళ్ళంటే ఆయనకి మహా చులకన. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు లేచేసరికి మన కొబ్బరి మొక్క కాపుకొస్తుందని హేళన. ఆయన భార్య రెబెకాకి మాత్రం సాయంత్రం ఆరున్నరకి 'ఏడో గుమ్మం' చూడకపోతే ప్రాణం నిలవదు. ఆ వేళప్పుడు కాఫీ అడిగితే "బ్రేకులో ఇస్తానండి" అంటుంది. ఆ బ్రేకు వచ్చేసరికి ఆయనకి కాఫీ మీద కోరిక పోతుంది.

అందుకని ఎబినేజరు ఓ ఎత్తు వేశాడు. లెంటు మొదలయ్యే బూడిద బుధవారం నాడు గుడిలో పాస్టరు వరప్రసాదం అయ్యగారు, ఇష్టమైనదేదో ఒకటి మానుకోండని చెప్పగానే ఠక్కున లేచి నిలబడ్డాడు.

"ఈస్టరు దాకా మా ఇంట్లో టీవీ పెట్టమండి. సీరియలు మాట కూడా ఎత్తమండి."

సంఘమంతా మెచ్చుకుంది. రెబెకా ఆయన వంక ఒక్కసారి చూసింది. ఇంటికొచ్చి టీవీ మీద దుప్పటి కప్పేసింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం మంచి శకునం కాదని ఆయనకి అప్పుడే తట్టి ఉండాల్సింది.

కాఫీ వేళకి రావడం మొదలైంది. సెల్‌ఫోన్ టీవీ కాదు గనక, మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసులో కూర్చుని సినిమాలు చూద్దామనుకున్నాడు. రెండు రోజులు చూశాడు. మూడో రోజు బొటనవేలు దానంతటదే 'ఏడో గుమ్మం' మీదికి పోయింది. రెండేళ్ళుగా కాఫీ కోసం కాచుకుంటూ ఓరకంట చూసిన సీరియలు మరి. ఫోనులో ఎపిసోడు మర్నాటికి గానీ రాదు; ముందురోజు సోమవారం నాటి దాంట్లో తోడికోడలు మేడ మెట్ల మీంచి హీరోయిన్ మైథిలిని తోసేసింది. మైథిలి కోమాలోకి పోయింది. ఎబినేజరుకి అన్నం సహించలేదు.

వారం తిరిగేసరికి సాయంత్రం ప్రార్థన కూటం వాళ్ళింట్లో పడింది. రోగుల కోసం ప్రార్థన చేయమని అయ్యగారు ఆయనకే చెప్పారు. గంగబాబు గారి కాలు విరిగిన సంగతి చెప్పాడు, జ్వరాల వాళ్ళని తలుచుకున్నాడు. ఆ ఊపులోనే కళ్ళు చెమర్చాయి.

"మెట్ల మీంచి పడి, తెలివి లేకుండా ఆస్పత్రిలో ఉన్న మైథిలిని స్వస్థపరచు ప్రభువా. ఆ తోడికోడలి మనసు మార్చు తండ్రీ."

ఇరవై గొంతులు ఆమెన్ అన్నాయి. ఎబినేజరు కళ్ళు తెరిచాడు. అప్పుడు గానీ తను ఎవరి కోసం ప్రార్థించాడో తెలిసి రాలేదు.

స్త్రీల సమాజం పెద్ద జయమ్మ గారు చీర కొంగుతో కళ్ళొత్తుకుని, ఎవరి పిల్లండీ అని అడిగింది. మా ఆఫీసులో బాపిరాజు గారి మేనకోడలన్నాడు. ఏ ఆస్పత్రి అంది. అమలాపురమన్నాడు. శనివారం పొద్దున్నే ఆటో కట్టించుకుని ఏడుగురం వెళ్ళి చూసొస్తామంది. లోపలికి రానివ్వరన్నాడు. గుమ్మం బయటే ప్రార్థన చేసుకుంటామంది. కాకినాడ మార్చేస్తారేమో అని నసిగాడు. తన మరిది గారిల్లు కాకినాడేనంది.

"ఆయ్, వెళ్ళాలండీ పాపం" అంది రెబెకా, టీ గ్లాసులు సర్దుతూ.

ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదు. తప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది. శనివారంలోగా సీరియల్లో మైథిలికి తెలివి రావాలి. తెలివొస్తే, పూర్తి అబద్ధం కాకుండానే డిశ్చార్జి అయిందని చెప్పేయొచ్చు.

కానీ ఆ డైరెక్టరుకి తొందరేముంది. మంగళవారమంతా సెలైను చుక్కలు పడ్డాయి. బుధవారం పైన ఫ్యాను తిరిగింది. గురువారం మైథిలి చిటికెన వేలు కదిలింది. ఆ కదిలిన వేలిని ఇంటిల్లిపాదీ తలా మూడుసార్లు చూసేసరికి ఎపిసోడు అయిపోయింది. కోమాలో ఉన్న మనిషికి రోజుకో రంగు లిప్‌స్టిక్ ఎవరు పూస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు. టీ కొట్టు దగ్గరైతే ఈ ముక్క మీద అరగంట నవ్వించేవాడు. ఇప్పుడు శనివారం ఎన్ని గంటలుందో లెక్కపెట్టుకున్నాడు.

శుక్రవారం కూటం జయమ్మ గారింట్లో. అరుగు మీద బత్తాయిల బుట్ట, హార్లిక్స్ సీసా సిద్ధంగా ఉన్నాయి. ఆటో ఆరింటికల్లా వచ్చేస్తుందని జయమ్మ గారు అందరికీ చెబుతోంది. ఇక దాచి లాభం లేదు. దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పమనగానే ఎబినేజరు లేవబోయాడు. ఈలోపు పక్కనే రెబెకా లేచి నిలబడింది.

"మైథిలికి తెలివొచ్చేసిందండి. ఇందాకే కబురు తెలిసింది. ఆ పళ్ళూ అవీ గంగబాబు గారికి పట్టుకెళ్ళండి జయమ్మ గారూ, ఆయన నిజంగా మంచం మీద ఉన్నారు."

అందరూ స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా ఎబినేజరు అన్నాడు.

రెబెకా కూర్చోలేదు. "ఇంకో మాటండి. టీవీతో పాటు సెల్‌ఫోన్ కూడా మానేస్తే మా ఆయనకి పుణ్యం పూర్తిగా దక్కుద్దని నాకనిపిస్తందండి. ఏవండీ?"

ఇరవై తలలు ఆయన వైపు తిరిగాయి. అయ్యగారు చిరునవ్వు నవ్వారు. ఎబినేజరు ఆమెన్ అన్నాడు.

తిరిగొస్తుంటే కాలవ గట్టు మీద ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది రెబెకా?"

"ప్రార్థన రోజేనండి. మైథిలి పడింది మనం టీవీ కట్టేసిన తర్వాతి సోమవారం. చూడనోళ్ళకి తెలవదు కదండీ."

"మరి నీకెలా తెలిసింది?"

"పక్కింటి సూర్యకాంతం గారు రోజూ గోడ మీంచి చెప్తన్నారండి. ఆవిడ నోటితో వింటుంటే బ్రేకులు కూడా లేవు."

ఎబినేజరు నాలుగడుగులు నడిచాడు. ఆగలేకపోయాడు.

"కళ్ళు తెరిచింది సరే. తోసిందెవరో చెప్పిందా?"

"చెప్పిందండి."

"ఇంట్లో వాళ్ళు నమ్మేరా?"

రెబెకా ఫోను కొంగున ముడేసుకుంది.

"సీరియలు మాట ఎత్తనని గుళ్ళో నిలబడి చెప్పేరు కదండీ" అని ముందుకి నడిచింది.

ఈస్టరు ఇంకా నాలుగు వారాల పైనే ఉంది.