పద్నాలుగో సైటు పెద్దమనిషి

శుక్రవారం ఉదయం ఎల్డన్ హాస్కిన్స్ వేసుకున్న పథకంలో కష్టమైనది ఏమీ లేదు. గ్రెబ్ లేక్ స్టేట్ పార్కుకి ఆర్‌వీ, అంటే పడకా పొయ్యీ ఉన్న ఇల్లులాంటి బండి, తోలుకెళ్ళాలి, రెండు రాత్రులు ఉండాలి, ఆదివారం ఇంటికి రావాలి. ఏటా చేసిన పనే. కాకపోతే ఈసారి పక్క సీట్లో భార్య లొరైన్ లేదు.

గుమ్మం దగ్గర కూతురు జానెల్ షరతు మరోసారి అప్పజెప్పింది.

"ఒక్కడివే వెళ్ళి ఒక్కడివే రా నాన్నా. సాయం అడక్కుండా వచ్చావంటే బండి నీదే. మధ్యలో నాకు ఫోను వచ్చిందంటే మాత్రం సోమవారం కొనేవాణ్ణి రమ్మంటాను."

"ఫోనెలా చేస్తాను? అక్కడ సిగ్నలే ఉండదుగా."

"అదీ నా భయం."

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఎల్డన్ బండిని ముందుకి ఎంత దూరమైనా తోలగలడు. వెనక్కి తోలడం మాత్రం ముప్పై ఏళ్ళుగా ఇద్దరి పని. అతను స్టీరింగు తిప్పేవాడు, లొరైన్ వెనక నిలబడి చేతులు ఊపేది. ఆ పనిలో తన వంతు ఎంత చిన్నదో ఆమె పోయాక గాని అతనికి తెలిసిరాలేదు.

పార్కులో అతనికి ఇచ్చిన పద్నాలుగో సైటు రెండు పైన్ చెట్ల మధ్య ఇరుకైన సందు. బండి వెనక్కి పోనిచ్చే అక్కడ పెట్టాలి. ఎల్డన్ రివర్స్ గేరు వెయ్యగానే చుట్టుపక్కల సైట్ల వాళ్ళు మడత కుర్చీలు రోడ్డువైపు తిప్పుకున్నారు. ఎంత మర్యాదస్థులైనా క్యాంపులో ఈ ఒక్క వినోదాన్ని వదులుకోరు. ఒకాయన చిప్సు పొట్లం కూడా విప్పాడు. మొదటిసారి బండి చెట్టువైపు పోయింది. రెండోసారి రెండో చెట్టువైపు పోయింది. ఆ తర్వాత ఏదో ఫెళ్ళుమంది. అది పిక్నిక్ బల్ల. ఎవరో జాలిగా చప్పట్లు కొట్టారు.

ఎల్డన్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని అక్కణ్ణుంచి కదిలిపోయాడు. చెరువు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాక, గేటు పక్కన విశాలమైన ఖాళీ సైటు కనిపించింది. ఒక పక్కనుంచి దూరి రెండో పక్కనుంచి బయటికి రావచ్చు. వెనక్కి అన్న మాటే లేదు. ముందు "క్యాంప్ హోస్ట్" అని బోర్డు ఉంది. వేసవంతా అక్కడే బండిలో కాపురముండి, కట్టెలిచ్చి, తగవులు తీర్చి పార్కు చూసుకునే దంపతుల చోటు అది. ఎల్డన్ బోర్డు చదివాడు, చదివే ఆగాడు. శాండ్‌విచ్చి తిని, ఆ కుర్చీల వాళ్ళు ఈతకి వెళ్ళగానే వెళ్ళిపోదాం అనుకున్నాడు.

శాండ్‌విచ్చి సగంలో ఉండగా తలుపు చప్పుడైంది.

"అమ్మయ్య, వచ్చారా! పొద్దుట్నుంచీ చూస్తున్నాం," అంది ఎండటోపీ పెట్టుకున్న ఓ పెద్దావిడ. "నా పేరు ప్రూయిట్. పన్నెండో సైటు. కట్టెలు రెండు మోపులు కావాలి."

నేను హోస్టుని కాదు అనవచ్చు. అంటే మరి ఇక్కడెందుకున్నారు అని అడుగుతుంది. దానికి ఉన్న ఒక్క జవాబూ చెప్పడం అతనివల్ల కాలేదు. దిగి వెళ్ళి, బోర్డు పక్కనే గొళ్ళెం పెట్టి ఉన్న కట్టెల కొట్టు తెరిచి, రెండు మోపులిచ్చాడు.

"మరో సంగతి. మా పక్కన కర్ట్ అనే ఆయన పొద్దస్తమానం జనరేటరు మోగిస్తున్నాడు. మీరు కాస్త గట్టిగా చెప్పాలి."

గట్టిగా చెప్పడం ఎల్డన్‌కి అలవాటు లేదు. వెళ్ళి, "అది కాస్త కట్టేస్తారా?" అన్నాడు. కర్ట్ వెంటనే కట్టేసి, "సారీ హోస్ట్ గారూ," అన్నాడు. లొరైన్ పోయినప్పట్నుంచీ ఎవరైనా అతని మాట విన్నది అదే మొదటిసారి.

సాయంత్రానికి రేంజర్ ఒచోవా జీపులో వచ్చింది. ఆ పార్కుకి బదిలీ అయి వారం కాలేదు. వస్తారన్న హోస్టుల్ని ఆమె ఎన్నడూ చూడలేదు. బోర్డు వెనక బండిని, బండి ముందు మనిషిని చూసి తృప్తిపడి, నారింజరంగు చొక్కా ఒకటీ, వాకీటాకీ ఒకటీ చేతిలో పెట్టింది.

"మీ ఆవిడ రాలేదా? దంపతులని రాశారే."

"రాలేదమ్మా," అన్నాడు ఎల్డన్. ఆ రోజు అతను చెప్పిన మాటల్లో పూర్తి నిజం అదొక్కటే.

శనివారం పొద్దున్నే వెళ్ళిపోదామని అతను గట్టిగా అనుకున్నాడు. లేచేసరికి ముగ్గురు కట్టెల కోసం, ఒకరు పంపు కారుతోందని, ఇద్దరు కుక్క విషయమై తగవు తీర్చమని నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ప్రూయిట్ గారు.

"పద్నాలుగో సైటు ఖాళీగా ఉంది హోస్ట్ గారూ. నిన్న ఒకాయన వచ్చాడు. అచ్చం మీ బండిలాంటిదే. అన్నిటికీ ఆ గోధుమరంగు గీతలేగా. కాకపోతే ఆయనకి తోలడం రాదు. బల్లని గుద్దేసి పారిపోయాడు."

"మళ్ళీ వస్తాడు లెండి."

"వస్తే ఈపాటికి రావద్దూ? ముసలాయన. పక్కన ఎవరూ లేరు. నాకేదో భయంగా ఉంది. ఆఫీసులో చెప్పొచ్చాను."

ఎల్డన్ చేతిలో కట్టెల మోపు జారింది.

కాసేపటికి వాకీటాకీ మోగింది. "హోస్ట్, వింటున్నారా? పద్నాలుగో సైటు హాస్కిన్స్ అనే ఆయన కనబడ్డం లేదు. ఫోను కలవట్లేదు. కూతురికి చేస్తే నిన్న పొద్దున్నే బయల్దేరాడంది. ఆమె వస్తోంది. తెల్లగడ్డం, నీలం టోపీ."

ఎల్డన్ టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. "రేంజర్, ఆయన క్షేమంగానే ఉన్నాడు."

"ఎలా చెప్పగలరు?"

బండి చుట్టూ అప్పటికే జనం చేరి వింటున్నారు. "అనిపిస్తోంది," అన్నాడు ఎల్డన్.

"మీకు అనిపించిందని నేను ఊరుకోలేను సార్. మీరు జనాన్ని పోగుచెయ్యండి, నేను అడవివైపు చూస్తాను."

పోగుచెయ్యాల్సిన పని లేకపోయింది. ఈలలతో, టార్చిలైట్లతో, ఒక పడవతో క్యాంపు క్యాంపంతా వచ్చేసింది. ఇక చెప్పెయ్యడమే మంచిదని ఎల్డన్ బల్ల ఎక్కాడు. "అసలు సంగతేమిటంటే, ఆయన ఎక్కడికీ పోలేదు."

"విన్నారుగా," అన్నాడు కర్ట్ జనంవైపు తిరిగి. "చుట్టుపక్కలే ఉన్నాడంటున్నారు. అనుభవమున్న మనిషి. దూరం వద్దు, చెరువు గట్టు పట్టుకుందాం."

"అది కాదు..."

"అడవి కూడానా? సరే, మీరంతా అటు వెళ్ళండి."

ఎల్డన్ బల్ల దిగేలోపు జనం సగం చెరువుదారిన పోయారు. ప్రూయిట్ గారు అతని చెయ్యి పట్టుకుని తనతో నడిపించింది.

"భార్య పోయిందట పాపం. కూతురు రేంజరుతో చెప్పిందట. వెనక నిలబడే మనిషి లేకపోతే ఎవరికి మాత్రం కుదురుతుంది? నేను చూస్తూ కూర్చున్నాను హోస్ట్ గారూ. లేచి వెళ్ళి చెయ్యి ఊపాల్సింది. ఊపలేదు."

ఎల్డన్ జేబులో టోపీని ఇంకాస్త లోపలికి తోశాడు. కొంతదూరం నడిచాక ఆవిడే అంది, "మీరు పిలవరేం? ఎల్డన్ అట ఆయన పేరు."

"ఎల్డన్," అన్నాడు ఎల్డన్.

"అలా గొణిగితే ఎలా వినిపిస్తుంది? పెద్దవయసు మనిషికి చెవులు అంత బాగా పనిచేస్తాయా?"

"ఎల్డన్!" అని అరిచాడతను. చెరువు అవతలి గట్టునుంచి తన పేరే తిరిగొచ్చింది. కంగారులో మళ్ళీ అరిచాడు.

జానెల్ దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది. కారు రోడ్డుకి అడ్డంగా వదిలేసి, కేకలు వినిపించినవైపు పరిగెత్తింది. నలభైమంది దాకా తండ్రి పేరు పెట్టి పిలుస్తున్నారు. వాళ్ళలో ఒక గొంతు మాత్రం ఆమె పుట్టినప్పట్నుంచీ వింటున్నదే. రెల్లు పొదల పక్కన, నారింజ చొక్కాలో, చేతులు నోటికి రెండు పక్కలా పెట్టుకుని అరుస్తున్నాడాయన.

"నాన్నా," అంది జానెల్. "ఎవరిని పిలుస్తున్నావు?"

ఎల్డన్ చేతులు దించాడు. "నన్నే."

ఆమె వచ్చి అతన్ని ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలి, భుజం మీద ఒక దెబ్బ వేసింది. చుట్టూ ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అయితే మీరు..." అంది ప్రూయిట్ గారు.

"పద్నాలుగు," అన్నాడు ఎల్డన్.

"బండి అమ్మేస్తున్నాం," అంది జానెల్ కళ్ళు తుడుచుకుంటూ. "తప్పిపోయింది చాలక, నిన్ను నువ్వే వెతుక్కుంటున్నావా? సోమవారం వాడు వస్తాడు. ఇక మాట్లాడకు."

ఎల్డన్ నారింజ చొక్కా విప్పి చేతి మీద వేసుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర పెద్ద హారను మోగింది. అసలు హోస్టులు వచ్చారు. దారిలో టైరు పేలి ఒక రోజు ఆలస్యమైంది. ఎల్డన్ బండికి రెట్టింపున్న వాళ్ళ బండి, జానెల్ అడ్డంగా వదిలిన కారు ముందు ఆగిపోయింది. దాని వెనక మరో నాలుగు బండ్లు ఆగాయి. రేంజర్ ఒచోవా పరిగెత్తుకొచ్చి హోస్టుల్ని చూసింది, ఎల్డన్‌ని చూసింది. ప్రస్తుతానికి ఏమీ అడగకపోవడమే మంచిదనుకుంది. "ముందు ఆ కారు తియ్యండి," అంది.

జానెల్ కారెక్కింది. నలుగురు వెనక నిలబడి చేతులు పైకెత్తారు.

"ఎవరూ ఊపక్కర్లేదు," అంది ఆమె అద్దం దించి. "దీనికి కెమెరా ఉంది."

"జానెల్, అటు కాలువ..." అన్నాడు ఎల్డన్.

"నువ్వు అసలు చెప్పకు నాన్నా."

రివర్సు గేరు వేసింది. కారు చక్కగా, తిన్నగా, తడబాటు లేకుండా వెనక్కి వెళ్ళి కాలువలో కూర్చుంది. కెమెరా తెర మీద బురదనీళ్ళూ, ఒక కప్పా కనిపించాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కర్ట్ మాత్రం అలవాటుకొద్దీ కుర్చీ విప్పబోయి ఆగాడు.

కారు లాగే బండి సోమవారం దాకా రాదని ఒచోవా ఆఫీసు ఫోన్లో కనుక్కొచ్చి చెప్పింది. హోస్టులకి వాళ్ళ చోటు కావాలి. కాబట్టి ఎల్డన్ పద్నాలుగులోకి పోవాలి, జానెల్ కూడా ఆ బండిలోనే పడుకోవాలి.

ఆ సాయంత్రం పద్నాలుగో సైటు దగ్గర కుర్చీలు లేవు. కుర్చీల వాళ్ళంతా బండి వెనకే ఉన్నారు. ఒకరు ఎడమ అన్నారు, ఒకరు కుడి అన్నారు, ప్రూయిట్ గారు రెండు చేతులూ ఊపుతోంది. ఎల్డన్ బ్రేకు మీద కాలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"అందరూ వెళ్ళి కూర్చోండి," అంది జానెల్. మోకాళ్ళదాకా బురదతో వచ్చి, ఒక్కతే రెండు చెట్ల మధ్యా నిలబడింది.

ఆమెకి సైగలు రావు. తేనెటీగల్ని తోలుతున్నట్టు ఊపుతోంది. ఎల్డన్ అద్దంలో కాసేపు ఆ చేతులు చూశాడు, అర్థం కాలేదు. చేతులు వదిలేసి ఆమె ముఖం చూశాడు. ముఖం కుదుటగా ఉన్నప్పుడు వెనక్కి పోనిచ్చాడు. కళ్ళు పెద్దవైనప్పుడు ఆపాడు. పెదవి కొరుక్కున్నప్పుడు కాస్త కుడికి తిప్పాడు. బండి చెట్టుకీ తగలకుండా, బల్లకీ తగలకుండా లోపలికి వెళ్ళి ఆగింది. ఇంజను కట్టేశాక చాలాసేపటిదాకా అతను కిందికి దిగలేదు. జానెల్ తలుపు తట్టలేదు.

ఆదివారం తండ్రి పక్క సీట్లో కూర్చుని ఇంటికి వస్తూ జానెల్ రోడ్డు గురించి సలహాలేమీ ఇవ్వలేదు. సోమవారం ఉదయం బండి కొనేవాడు ఫోను చేస్తే ఆమే తీసింది.

"లేదండీ, బండి అమ్మట్లేదు," అంది. "కారైతే ఉంది. వచ్చి లాక్కుపోతారా?"