రష్యా గుర్రం, ఆదోని బేరం

ఆ ఉదయం ఆదోనిలో రైలెక్కేటప్పుడు జనార్ధన్ మాస్టారి పథకం చాలా సులువైనది. సాయంత్రం రేడియోలో తన నాటకం వేయించి, మర్నాడు ఎమ్మిగనూరులో అత్తవారింట మెప్పులు అందుకోవడం. ఎనిమిది వందల పేజీల రష్యా నవలను మూడేళ్లు కూర్చుని అరగంటకు కుదించాడు. శ్రోతలు మెచ్చితే పన్నెండు వారాల ధారావాహిక ఇస్తామని రేడియో వారు మాటిచ్చారు. మెచ్చకపోతే ఇంట్లో తల ఎత్తుకోలేడు. మూడేళ్లుగా ఆయన రష్యా వాళ్లతోనే కాపురం చేస్తున్నాడని భార్య అలివేలుమంగ వీధంతా చెప్పింది. మామగారు సుబ్రమణ్యం సాలెవీధి జనాన్నంతా పంచాయతీ రేడియో ముందు కూర్చోబెడతానని కబురు పంపారు. మాస్టారికి సంతోషంతో కాలు నిలవలేదు.

తీరా రేడియో కేంద్రం చేరేసరికి గుర్రం కొనే వ్యాపారి వేషగాడికి గొంతు పూర్తిగా పోయింది. నాయకుడి వేషం శేషప్పది. ఆదోనిలో పత్తి దలాలీ, కంచు కంఠం. స్టూడియో చూద్దామని వెంట వచ్చిన ఉచ్చీరప్ప కూడా పత్తి దలాలే. ఉన్నవి నాలుగు మాటలే కదా అని మాస్టారు కాగితం అతని చేతిలో పెట్టాడు.

ఎర్రదీపం వెలిగింది. నాటకం నేరుగా ప్రసారమవుతోంది. నాయిక ఏడ్చింది. "నీ కోసం నా గుర్రాన్నైనా అమ్ముకుంటాను" అని శేషప్ప గర్జించాడు. మాస్టారికి ఒళ్లు పులకరించింది. "బేరం చెప్పు" అన్నాడు ఉచ్చీరప్ప.

శేషప్ప నోరు తెరిచాడు. ఎదురుగా తోటి దలాలి ముఖం కనబడింది. ఆదోని మార్కెట్లో ధర పైకి పలికిన దలాలి లేడు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి తేల్చుకోవలసిందే. శేషప్ప భుజం మీది తువ్వాలు తీశాడు. నాలుగు చేతులూ దాని కిందికి పోయాయి.

నిమిషం గడిచింది. మైకులో చీమ చిటుక్కుమనలేదు. మాట్లాడమని మాస్టారు రెండు చేతులూ ఊపితే, మూడోవాడు పోటీకి వచ్చాడనుకుని ఇద్దరూ గుడ్లురిమి బేరం బిగించారు. అద్దం వెనక ఇంజనీరు మైకు చెడిపోయిందనుకుని, చేతికందిన నాదస్వరం రికార్డు పెట్టేశాడు. రికార్డు ముగిసేసరికి నాటకానికిచ్చిన అరగంట అయిపోయింది. నాయకుడు మంచులో ప్రాణం విడిచే ఆఖరి ఘట్టం కాగితం మీదే ఉండిపోయింది.

"లోకమంతా ఇంటాంటే రేటు ఎట్ల సెప్పేది అయ్యవారూ?" అన్నాడు శేషప్ప, బయటికొచ్చి.

మాస్టారికి ఏడుపొచ్చింది. మర్నాడు ముఖం దాచుకుని ఎమ్మిగనూరులో బస్సు దిగితే, మామగారు పూలదండతో నిలబడి ఉన్నారు.

"గుర్రం అమ్మి మరీ పెండ్లి సేసుకున్యాడు, మొగోడంటే వాడు, అల్లుడా! నాదస్వరం మొదలైతానే ఆడోళ్లంతా రేడియో మీద అక్షింతలు ఏసినారు."

పక్కన, ముందే పుట్టింటికి వచ్చిన అలివేలుమంగ కళ్లు తుడుచుకుంటోంది. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుణ్ణి అంత గర్వంగా చూడడం అదే మొదలు. మాస్టారు నిజం చెప్పబోయి, ఆ చూపు వదులుకోలేక మింగేశాడు.

పదిహేను రోజులకు రేడియో వారి ఉత్తరం వచ్చింది. శ్రోతల కార్డులు బస్తాలో వచ్చాయట. పన్నెండు వారాలూ మంజూరు, పెళ్లి తర్వాతి కథ వెంటనే పంపాలి. మాస్టారు గంతు వేసినంత పని చేసి, నవల తెరిచి, చూసి, మూసి, అటక మీద పెట్టాడు.

మూడో వారంలో రష్యా నాయిక సీమంతం ముగించుకుని కాన్పుకు పుట్టింటికి చేరింది.