జాంబయ్య గుహ హౌస్‌ఫుల్

ఒక పెద్ద అడవిలో, చెట్లకంటే గొప్పలే ఎక్కువ పెరిగే అడవిలో, జాంబయ్య అనే ఎలుగుబంటికి ఒక గుహ ఉండేది. బయట రాళ్ళు పగిలే ఎండ కాస్తున్నా ఆ గుహలో కాలు పెడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. అందుకని ఎండాకాలం వచ్చిందంటే అడవి మొత్తం అక్కడే సినిమా చూసేది.

అడవిలో సినిమా ఏమిటని నన్నడక్కండి. మిణుగురులు వెలుగు పట్టేవి, గోడ మీద బొమ్మ ఆడేది. అంతవరకు తెలిస్తే చాలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక పండో, దుంపో, గుప్పెడు గింజలో గుమ్మం దగ్గర పెట్టి లోపలికి పోయేవాళ్ళు. వాటితోనూ, కొట్లో దాచుకున్న తేనెతోనూ జాంబయ్య, ఆయన పెళ్ళాం తేనెమ్మ, ఇద్దరు కూనలు వానలు పడేదాకా బతికేవాళ్ళు.

నిరుడు ముంగిసలు తీసిన చిన్న బొమ్మ ఒకటి అక్కడ ఎండాకాలమంతా ఆడింది. ఎందుకాడిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. కథలో దమ్ముందని కుందేళ్ళన్నాయి. పాటలే నిలబెట్టాయని కోకిల అంది, పాటలు పాడింది తనే కాబట్టి. గుహ చల్లగా ఉంది, బయట కాళ్ళు కాలుతున్నాయి, అందుకే వెళ్ళాం అని మాత్రం ఒక్కరి నోటినుంచి రాలేదు. అంత తేలిగ్గా చెప్పేస్తే తెలివైనవాళ్ళని ఎవరంటారు?

జాంబయ్యా అనలేదు. పైగా ఆయన బుర్రలో ఇంకో పురుగు దొలిచింది. 'చిన్న బొమ్మకే ఇంతమంది వస్తే, పెద్ద బొమ్మకి ఇంకెంతమంది వస్తారో!'

సరిగ్గా అప్పుడే వరాహమూర్తి పెద్ద బొమ్మ తీస్తున్నాడు. వరాహమూర్తి అడవిపంది. ఒళ్ళూ పెద్దదే, నోరూ పెద్దదే. బొమ్మ పేరు 'పురి విప్పితే'. హీరో నీలాంబర బాబు అనే నెమలి. వాళ్ళ తాత హీరో, నాన్న హీరో, కాబట్టి గుడ్డులో ఉండగానే ఈయనా హీరో. నటన సంగతంటారా, పురి విప్పుతాడు, ముడుస్తాడు. విప్పితే కోపమొచ్చిందనీ, ముడిస్తే బాధపడ్డాడనీ మనమే అర్థం చేసుకోవాలి.

ఒక్క వాన పాట కోసం మడుగులో నీళ్ళన్నీ తోడించి ఆయన నెత్తిన పోయించారు. యుద్ధం సీనుకి ఉన్న ఏనుగులు చాలవని పక్క అడవినుంచి పిలిపించారు. "కథేమిటండీ?" అని ఒక లేడి భయపడుతూ అడిగితే వరాహమూర్తి గుర్రుమన్నాడు.

"ఇంత ఖర్చు పెట్టాక మళ్ళీ కథ కూడానా?"

ఆ వరాహమూర్తి ఒకరోజు జాంబయ్య గుమ్మంలోకి వచ్చాడు. గుహనంతా కలయజూసి, చల్లదనానికి కళ్ళు మూసుకుని, "ఇక్కడే వేద్దాం" అన్నాడు.

"నా భాగ్యం వరాహమూర్తిగారూ" అన్నాడు జాంబయ్య, చేతులు నలుపుకుంటూ.

"నీ కొట్లో ఉన్న తేనంతా ముందు నాకిచ్చెయ్. ఇక గుమ్మం దగ్గర పడేదంటావా, గుహ నిండని రోజు నాకు ఒక్క గింజ కూడా ఇవ్వక్కర్లేదు, అంతా నువ్వే తిను. నిండిన రోజు మాత్రం సగం నాది. నిండకపోతే నిన్ను పీడించే రకాన్నా నేను?"

జాంబయ్య కళ్ళు చెమర్చాయి. ఎంత ధర్మాత్ముడు అనుకున్నాడు. ఇంతలో లోపలినుంచి తేనెమ్మ విసురుగా వచ్చి మొగుణ్ణి పక్కకు లాగింది.

"ఏమయ్యో, మతి గానీ పోయిందా? పిల్లలు తినాల్సిన తేనె ఆ పంది నోట్లో పోస్తావా?"

"నీకు తెలీదు, ఊరుకో. పెద్ద బొమ్మ. పెద్ద హీరో."

"పెద్దదైతే మన గుహేమైనా సాగుతుందా? నిరుడెంతమంది పట్టారో ఇప్పుడూ అంతమందే పడతారు."

జవాబు లేనప్పుడు మగాళ్ళు చేసే పనే జాంబయ్యా చేశాడు. గట్టిగా కసిరాడు, తేనంతా ఎత్తి ఇచ్చేశాడు.

బొమ్మ పడే రోజు పొద్దున్నే గొండిరాజు దిగాడు. గొండిరాజు దుమ్ములగొండి, ఆ బొమ్మకు ప్రచారం ఆయనదే. ఏ మాటన్నా ముందు తనే నవ్వుతాడు. అది చూసి ఎదుటివాడు కూడా నవ్వాలి, లేకపోతే బాగుండదు. ఆయన చంకలో పెద్ద చెక్క పలక ఉంది. దాని మీద ఎర్రమట్టితో 'హౌస్‌ఫుల్' అని రాసుంది.

"బ్రదర్, ఇది గుమ్మానికి కట్టెయ్" అన్నాడు.

"నిండాక కడతాలెండి రాజుగారూ. ఇంకా తలుపే తీయలేదు."

గొండిరాజు పడీపడీ నవ్వాడు. "నిండాక కట్టడానికి మనమెందుకు బ్రదర్, గోడకి మేకున్నా చాలు. ముందే కట్టడాన్నే ప్రచారం అంటారు. దొరకదని తెలిస్తేనే జనం ఎగబడతారు. అడవి అడవంతా ఇక్కడ తొక్కిసలాట జరగాలి."

"వచ్చినవాళ్ళు వెనక్కిపోతేనో?"

"నువ్వు ఈ రంగానికి కొత్త. ఏ జంతువైనా ఖాళీగా ఉన్నచోటికి పోతుందా?"

జాంబయ్య ఆలోచించాడు. ఎవరూ లేని చెలమ దగ్గరికి తను పోయేవాడు, చక్కగా తాగొచ్చేవాడు. కానీ ఆ మాట అంటే మరీ పల్లెటూరి ఎలుగులా ఉంటుందని మింగేశాడు. బోర్డు కట్టాడు.

లోపల అభిమాన సంఘం కోతులు మాత్రం ఉన్నాయి. అవి తెల్లారకముందే వచ్చి, ఏమీ ఇవ్వకుండా దూరి, ముందు వరుసలో ఈలలేస్తున్నాయి. బాబు పురి విప్పినప్పుడల్లా ఆకులు చించి ఎగరేస్తున్నాయి. ఊడ్చుకునేది తేనెమ్మ కదా, వాటికేం పోయింది.

జనం రానే వచ్చారు, అదే విషాదం. జింకలు మందలు మందలుగా వచ్చాయి. గేదెలు దూడల్ని వెంటేసుకుని, కొమ్ములకు కూరగాయల తట్టలు తగిలించుకుని వచ్చాయి. అందరూ గుమ్మం దాకా వచ్చి, బోర్డు చూసి ఆగిపోయారు.

"అయ్యో, నిండిపోయిందట" అంది ముందున్న గేదె.

"ఎండన పడి వచ్చాం కదే" అంది ఇంకోటి.

"ఏం చేస్తాం, రేపు చూద్దాంలే."

తట్టలతో సహా వెనక్కి తిరిగారు. ఎవరూ ఎగబడలేదు. ఎండలో ఎగబడే ఓపిక ఎవరికుంది? మర్యాదగా నిండిపోయిందన్నమాట నమ్మి, మర్యాదగా ఇంటికి పోయారు. జాంబయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. తన పిల్లల తిండి కొమ్ములకు వేలాడుతూ దూరంగా పోతోంది.

మర్నాడు బోర్డు తీసేస్తానన్నాడు. గొండిరాజు మొదటిసారి నవ్వు ఆపాడు.

"తీస్తే ఏమంటారో తెలుసా? రెండో రోజుకే బొమ్మ పడుకుందంటారు. బాబు పరువేం కాను? అభిమానులు ఊరుకుంటారా?"

ముందు వరుస కోతులు పళ్ళు ఇకిలించి చూశాయి. జాంబయ్య చెయ్యి బోర్డు మీదనుంచి దిగిపోయింది. మళ్ళీ జింకలొచ్చాయి, మళ్ళీ గేదెలొచ్చాయి, మళ్ళీ పోయాయి. సాయంత్రానికి 'రెండో రోజూ హౌస్‌ఫుల్, చరిత్రలో ఎరగని వసూళ్ళు' అని చిలకలు చెట్టుచెట్టుకీ వాలి చెప్పొచ్చాయి.

మూడో నాడు తేనెమ్మ కూనలిద్దర్నీ తెచ్చి మొగుడి ముందు నిలబెట్టింది. చిన్నది వేలు చీకుతోంది. "వీళ్ళకేం పెట్టమంటావ్? ఆ పలక నాకమననా?" అంది.

జాంబయ్యకు ఏడుపొచ్చింది. సిగ్గూ లజ్జా వదిలేసి రోడ్డున పడ్డాడు. వెనక్కిపోతున్న గేదెల వెంట రొప్పుతూ పరిగెత్తాడు.

"అమ్మా, అక్కా, ఆగండి! లోపలంతా ఖాళీయే! బోర్డు ఉత్తుత్తిదే! రండి, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు!"

గేదెలు ఆగాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"ఖాళీయా?" అంది పెద్ద గేదె.

"ఒట్టు! మీదే ఆలస్యం!"

"మూడో రోజుకే ఖాళీ అంటే బొమ్మ అంత దరిద్రంగా ఉందన్నమాట" అని పెద్ద గేదె మూతి తిప్పింది. "నేను మొదటే అనుకున్నానమ్మా. ఫస్టాఫ్ సాగదీశాడట."

"సెకండాఫ్ ఇంకా ఘోరమట" అంది చూడని ఇంకో గేదె.

"హీరోయిన్‌కి అసలు పనే లేదట" అంది మూడోది, అదీ చూడలేదు.

ఆ చెట్టు దాటేలోగా బొమ్మ మొత్తాన్నీ చీల్చి చెండాడేసి, పోతూ పోతూ ఎదురొచ్చిన జింకల్ని కూడా వెనక్కి తిప్పి తీసుకుపోయాయి. నిండిందంటే చోటు లేదని పోయారు. ఖాళీ అంటే విలువ లేదని పోయారు. జాంబయ్య నడిరోడ్డు మీద కూలబడ్డాడు.

ఆ వారంలోనే మద్దిచెట్టు కింద సక్సెస్ మీట్ జరిగింది. ఎందుకంటే అది బొమ్మ పడకముందే ఖాయం చేసిన మీటింగు, దండలు కూడా అల్లేశారు. నీలాంబర బాబు పురి విప్పి, "ఈ విజయం మీదే" అని కోతులకు దణ్ణం పెట్టాడు. జాంబయ్యను కూడా వేదికెక్కించి దండ వేశారు. దండలో ఒక్క పువ్వయినా తినేది ఉందా అని ఆయన లోలోపల వెతుక్కున్నాడు.

వేదిక దిగుతుంటే వరాహమూర్తి భుజం మీద చెయ్యేశాడు.

"కంగ్రాట్స్ జాంబయ్యా. మరి నా సగం?"

"దేంట్లో సగమండీ?"

"గుహ నిండిన రోజు సగం నాదన్నామా లేదా? రోజూ నిండింది కదా. నీ గుమ్మానికి నువ్వే కట్టావు బోర్డు."

జాంబయ్య తేరుకునేసరికి సింహం దొరగారి కొలువులో ఉన్నాడు. ఎందుకంటే నిండిన ఆటకు దొరగారి సుంకం కూడా ఉంటుంది. అది కూడా ఎగ్గొట్టాడని ఫిర్యాదు.

"నిండిందా లేదా?" అని అడిగాడు సింహం, ఆవలిస్తూ.

నిండలేదంటే బాబు పరువు, కోతుల పళ్ళు. నిండిందంటే సగం, సుంకం. జాంబయ్య ఒకసారి గుంపులో చూశాడు. తేనెమ్మ చంకలో చిన్న కూన నీరసంగా తల వాల్చుకుని ఉంది. అది చూశాక ఆయనకు ఎవరి పరువూ గుర్తు రాలేదు.

"ఖాళీ దొరా!" అని గుండెలు బాదుకున్నాడు. "నా గుహ ఖాళీ! కోతులు తప్ప పురుగు కూడా రాలేదు! వచ్చినవాళ్ళని వచ్చినట్టే నా చేత్తో నేనే బోర్డు కట్టి వెనక్కి పంపుకున్నాను! నా కొట్టు ఖాళీ, నా పిల్లల కడుపులు ఖాళీ! ఆ బొమ్మ బాగుందో లేదో కూడా ఎవరికీ తెలీదు దొరా, చూస్తే కదా!"

ఒక కుందేలు కళ్ళు తుడుచుకుంది. ఇంకాసేపుంటే దొరగారి మనసు కరిగేదేమో. కానీ అంతలో గొండిరాజు నవ్వుతూ లేచి చప్పట్లు కొట్టాడు.

"వహ్వా! చూశారా ప్రభూ, ఏం నటన! ఇంత సహజంగా ఏడవడం మా బాబుకి కూడా రాదు!"

కోతులు ఈలలేశాయి. ఈలలు వినపడగానే జింకలు చప్పట్లు కొట్టాయి, జింకల్ని చూసి గేదెలు కొట్టాయి. కుందేలు కళ్ళు తుడుచుకోవడం మానేసి, "అనుకున్నా, కాస్త ఎక్కువే చేశాడు" అంది.

సింహం కూడా నవ్వేశాడు. నవ్వాక న్యాయం చేయడం మరీ సులువు. బోర్డు ఉంది, దాని మీద అక్షరాలున్నాయి, కట్టినవాడు తనే కట్టానని ఒప్పుకున్నాడు. కాబట్టి సుంకం కింద, సగం కింద, గుహ వరాహమూర్తికి పోతుంది, దొరగారికి ఏటా ఎండాకాలం అందులో పడక ఉంటుంది. తీర్పు అయిపోయింది.

అదే రోజు తేనెమ్మ కూనల్ని తీసుకుని గుహ దిగింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని జాంబయ్యకు అనిపించింది.

పెద్ద బొమ్మ ఎందుకు పోయిందో తేల్చడానికి లోపల్లోపల ఒక కమిటీ కూర్చుంది. ఎండ ఎక్కువైందని ఒకరు, పేరులో అక్షరం తక్కువైందని ఒకరు, ఏనుగులు చాల్లేదని ఒకరు అన్నారు. వచ్చే వేసవికి ఇంకా పెద్ద బొమ్మ తీయాలని, దానికి ఇంకా పెద్ద బోర్డు చెక్కించాలని తీర్మానించి లేచారు.

ఆ కొత్త బొమ్మలో హీరో తండ్రి వేషం జాంబయ్యకు ఇచ్చారు. కూలి, పూటకింత తేనె. పిల్లలున్నారు కదా, ఒప్పుకున్నాడు. మోసపోయి ఇల్లు పోగొట్టుకున్న తండ్రి, పిల్లల్ని పట్టుకుని ఆ ఇంటి ముందే ఏడవాలి. సీను ఆ గుహ ముందే పెట్టారు.

జాంబయ్య గుహ వైపు చూశాడు. చూడగానే ఎవరూ చెప్పకుండానే దుఃఖం తన్నుకొచ్చి, నేల మీద పడి దొర్లి ఏడ్చాడు.

"ఆపు, ఆపు!" అన్నాడు ఈసారి దర్శకుడు కూడా తనే అయిన గొండిరాజు విసుగ్గా. "అదేం ఏడుపు బ్రదర్? ఇల్లు పోయినవాడు అలాగేనా ఏడ్చేది? కాస్త సహజంగా ఉండాలి. ఇంకోసారి చెయ్."

నీతి: అబద్ధమాడితే ఆడండి గానీ, పన్ను పడే అబద్ధం మాత్రం ఆడకండి.